వాన కొలిచే మనిషి

ఉదయం ఎనిమిదిన్నర. తహసీల్దారు ఆఫీసు వెనక, తుమ్మకంప పక్కన చిన్న కంచె. కంచె లోపల మోకాలెత్తు డబ్బా. ఒక మనిషి వచ్చి పైనున్న గరాటు తీసి, లోపలి సీసాలో నీళ్లను గీతలున్న కొలపాత్రలోకి వంపుతాడు. పాత్రను కంటి మట్టానికి ఎత్తి, నీళ్లు నడుమ కాస్త పల్లంగా వంగిన చోట ఏ గీత ఉందో చూస్తాడు. ఏడు పాయింట్ రెండు. రిజిస్టర్‌లో రాసి, ఫోన్‌లో మెసేజ్ కొట్టి, నీళ్లు పారబోసి పోతాడు. రెండు నిమిషాల పని.

ఆ అంకె అక్కడి నుంచి చాలా దూరం పోతుంది. వరసగా మూడు వారాలు మామూలు వానలో సగం కూడా పడలేదా, మండలాన్ని కరువు జాబితాలో చేర్చాలా అనే లెక్క దాని మీదే మొదలవుతుంది. పంటల బీమా కూడా చివరికి మిల్లీమీటర్ల దగ్గరికే వస్తుంది. ఇప్పుడు చాలాచోట్ల ఆటోమేటిక్ స్టేషన్లు ఉన్నా, కొలత మాత్రం కొలతే. వాతావరణ శాఖ లెక్కలో రోజుకు 2.5 మిల్లీమీటర్లు పడితేనే అది వాన పడిన రోజు. 2.4 పడితే పడనట్టే. ఆ పాయింట్ ఒకటి అటో ఇటో అయితే రైతుకు ఎంత తేడానో అనంతపురంలో ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు.

గత ఖరీఫ్‌లో మా విలేకరి ఒకరు ఒక మండల కేంద్రంలో ఈ డబ్బాను చూడటానికి వెళ్లారు. అది వేపచెట్టు కింద ఉంది. గరాటులో సగం దాకా వేపాకు, పిట్టల రెట్ట. చుట్టూ ఉన్న చెట్టుకైనా గోడకైనా దాని ఎత్తుకు కనీసం రెండింతల దూరంలో వర్షమాపకం ఉండాలన్నది ఈ పనిలో మొదటి పాఠం. అడిగితే అక్కడివాళ్లు చెప్పిన జవాబు: "ఎండకు తట్టుకోలేక నీడకు మార్చినాం సార్." ఆ మండలం పేరు రాయడం లేదు. అలాంటిది అదొక్కటే అయ్యుంటే రాసేవాళ్లం.

ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్లు పడే జిల్లా ఇది. దేశంలో జైసల్మేర్ తర్వాత ఇంత తక్కువ వాన మనకే అని చిన్నప్పటి నుంచి వింటున్నాం, ఏదో బిరుదులా చెప్పుకుంటున్నాం కూడా. నైరుతి గాలి పడమటి కనుమల మీద తన తడంతా దించేసుకుని, ఒట్టి గాలిగా మన మీదికి వస్తుంది. ఆషాఢంలో రామగిరి గుట్టల మీద గాలిమరలను తిప్పేదీ, తలమీద కొంగు నిలవనివ్వనిదీ ఆ గాలే. ఈశాన్య రుతుపవనాలేమో కోస్తాను తడిపి, ఇక్కడికి వచ్చేసరికి నీరసిస్తాయి. రెండు కాలాలకూ మనం చివరి వరసే. అందుకే "ఉత్తర చూసి ఎత్తర గంప" అన్న సామెత ఈ సీమలో అంతగా నాటుకుంది. సెప్టెంబర్ మధ్యలో ఉత్తర కార్తె వచ్చేదాకా చూడు, అప్పటికీ వాన లేకపోతే గంప నెత్తికెత్తుకుని ఊరు విడిచిపో అని అర్థం. బెంగళూరుకు కిక్కిరిసి పోయే బస్సులు ఎక్కేవాళ్లు ఈ సామెతను ఇప్పటికీ పాటిస్తున్నారు. గంప బదులు బ్యాగు, అంతే తేడా.

వాతావరణ శాస్త్రం అనగానే మనకు సముద్రం, తుపాను, విశాఖలో ఎగరేసే ప్రమాద సూచికలు గుర్తొస్తాయి. నిజానికి ఈ శాస్త్రానికి మన దేశంలో పునాది వేసిన వాటిలో తుపానుతో పాటు కరువూ ఉంది. 1864 కలకత్తా తుపాను, ఆ తర్వాత వానలు ముఖం చాటేసిన ఏళ్లు కలిసి 1875లో భారత వాతావరణ శాఖ పుట్టడానికి కారణమయ్యాయి. అది పుట్టిన మరుసటి ఏడే ధాత కరువు. కర్నూలు, కడప, అప్పటి బళ్లారి జిల్లాల్లో ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయిన కరువు అది. ఆ దెబ్బ తర్వాతే, వానలు వచ్చేలోపు ఏడాది ఎలా ఉండబోతుందో ముందే చెప్పగలమా అన్న ప్రశ్న ప్రభుత్వాన్ని వదల్లేదు. శాఖ తొలి అధిపతి హెన్రీ బ్లాన్‌ఫర్డ్ హిమాలయాల మంచు చూసి 1886 జూన్‌లో మొదటి దీర్ఘకాలిక అంచనా వెలువరించారు. 1899లో మళ్లీ వానలు దారుణంగా దెబ్బతీశాక గణితం చదివిన గిల్బర్ట్ వాకర్ వచ్చి, గుమస్తాలను కూర్చోబెట్టి ప్రపంచం నలుమూలల వాయుపీడనం అంకెలను చేత్తో లెక్క కట్టించారు. పసిఫిక్‌లో పీడనం ఊగిసలాటకూ మన వానకూ ఉన్న ముడి ఆయన లెక్కల్లోనే బయటపడింది. ఈరోజు టీవీలో ఎల్‌నినో (పసిఫిక్ నీళ్లు మామూలుకన్నా వేడెక్కడం) అని మనం వినే మాట వెనక సీమలో ఆకలితో పోయిన మనుషులున్నారు.

మన మనుషుల పాత్ర అక్కడితో ఆగలేదు. వానాకాలంలో దక్షిణ భారతం నెత్తిన, దాదాపు పదిహేను కిలోమీటర్ల ఎత్తున తూర్పు నుంచి పడమరకు ఒక గాలి నది పరుగెత్తుతుంటుంది. దాని లోతుపాతులు తేల్చి 1958లో ప్రపంచానికి చెప్పింది తెలుగువాడు పి. కోటేశ్వరం. తర్వాత వాతావరణ శాఖకే ఆయన అధిపతి అయ్యారు. ఆ పై గాలులను కొలిచే ఎంఎస్‌టీ రాడార్ మనకు పొరుగునే, తిరుపతి దగ్గర గాదంకిలో ఉంది. వెయ్యి ఇరవై నాలుగు యాంటెన్నాలు వరసలు వరసలుగా, ద్రాక్షతోటకు వేసిన పందిరిలా నిలబడి ఉంటాయి. ఇక్కడ అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం భౌతికశాస్త్ర విభాగంలో గాలిలోని ధూళి, మసి మీద ఏళ్లుగా పరిశోధన సాగుతోంది. మసిని కొలిచే యంత్రం గాలిని పీల్చి ఒక పట్టీ మీదికి పంపుతుంది. పట్టీ మీద చిన్న నల్లమచ్చ పడుతుంది. మచ్చ ఎంత నల్లబడితే గాలిలో అంత మసి. కొత్త పట్టీ మీద ఆ మచ్చ గంటగంటకూ ముదరడాన్ని ఒకసారి చూసినవాళ్లు చెత్తకుప్పకు నిప్పు పెట్టేముందు తప్పక ఆలోచిస్తారు. ఈ విభాగాల్లో పీహెచ్‌డీ చేసిన పిల్లలు తర్వాత ఏమవుతున్నారంటే, ఎక్కువమంది జిల్లా దాటిపోతున్నారు. వాళ్ల చదువుకు ఇక్కడ కుర్చీ లేదు.

అసలు సంగతి ఇదే. ఆకాశాన్ని చదివినవాళ్లు మనకు ఉన్నారు. ఆ చదువును ఎర్రనేల మీదికి దించి, "రెడ్డీ, ఈ వారం విత్తనం వద్దు, ఆగు" అని చెప్పే మనిషే లేడు.

ఆ మనిషి ఉంటే ఏమవుతుందో చూపిన పని ఒకటి మన జిల్లా మీదే జరిగింది. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు చెందిన సులోచనా గాడ్గిల్, ఆమె సహచరులు రుతుపవనాల మీద పెద్ద పెద్ద పరిశోధనలు చేస్తూనే అనంతపురం, పావగడ వైపు శెనిక్కాయ రైతుల ముందు కూర్చున్నారు. మీకు మా నుంచి ఏం తెలియాలి అని అడిగారు. రైతులు అడిగింది ఈ ఏడాది దేశంలో ఎంత శాతం వాన అని కాదు. ఎప్పుడు విత్తాలి అని. జిల్లాలో దశాబ్దాల వాన లెక్కలు తీసి, పంట ఎదుగుదలను కంప్యూటర్ నమూనాలో నడిపి చూస్తే తేలిందేమంటే, జూన్ చివర నుంచి ఆగస్టు మధ్య దాకా సాగే విత్తే గడువులో జూలై సగం దాటాక వేసిన పంటకే దెబ్బతినే ప్రమాదం తక్కువ. కారణం కూడా సూటిగానే ఉంది. మనకు ఏడాదిలో ఎక్కువ వాన పడేది సెప్టెంబర్‌లో. మొదటి పదునుకే ఆత్రపడి వేస్తే, ఊడలు దిగి కాయ ఊరే రోజులు ఆగస్టు బెట్టలో చిక్కుకుంటాయి. ఆగి వేస్తే సెప్టెంబర్ వాన కాయకు అందుతుంది. అయితే పదును వచ్చినప్పుడు చేతులు కట్టుకుని కూర్చోవడం ఎంత కష్టమో అప్పు తెచ్చి విత్తనం కొన్నవాడికే తెలుసు. ఆ ధైర్యం ఫోన్‌లో వచ్చే మెసేజ్ ఇవ్వలేదు. తెలిసిన మనిషి ఎదురుగా నిలబడి చెబితే కొంత వస్తుంది.

అలాంటి మనుషులను ఏర్పాటు చేసినట్టే చేసి తీసేశారు. జిల్లా స్థాయిలో కృషి విజ్ఞాన కేంద్రాల్లో వ్యవసాయ వాతావరణ విభాగాలు పెట్టారు. ఒక నిపుణుడు, ఒక పరిశీలకుడు, ఇద్దరే. మంగళ, శుక్రవారాల్లో వచ్చే అంచనాను బ్లాకుల వారీగా, పంటల వారీగా రైతుకు అర్థమయ్యేలా మార్చి ఇవ్వడం వాళ్ల పని. దేశమంతటా ఉన్న 199 విభాగాలనూ మూసేయాలని 2024 జనవరిలో ఉత్తర్వు వచ్చింది. ఉన్నదే కాంట్రాక్టు కొలువు, అదీ పోయింది. డేటా ఎలాగూ యంత్రమే పంపుతోంది, బులెటిన్ కూడా యంత్రమే రాస్తుంది అన్నది దాని వెనక వాదన. కొన్ని జిల్లాలకు కలిపి ఒకటిగా పనిచేసే పాత విభాగాలు మిగిలాయి. రేకులకుంట పరిశోధన స్థానం నుంచి మనకొచ్చే సలహాలు అలాంటివే. వాళ్లు చేయగలిగింది చేస్తున్నారు, కాదనలేం. కానీ గుత్తిలో నల్లరేగడి, కదిరిలో ఎర్రనేల. ఒకే ఇరవై మిల్లీమీటర్ల వాన రెండు చోట్లా ఒకే పదును ఇవ్వదు. ఒకే పేరాలో రెండింటికీ సలహా రాయడం ఎవరికి సాధ్యం?

యంత్రం వద్దని మేము అనడం లేదు. 2025 మేలో తెచ్చిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ దేశాన్ని ఆరు కిలోమీటర్ల గళ్లుగా కోసి అంచనా చెబుతోంది. అంతకుముందు గడి పన్నెండు కిలోమీటర్లు. పంచాయతీ దాకా అంచనా వస్తుందన్న మాట మంచిదే. ఆ అంచనా నిజమైందో లేదో సరిచూసేది మళ్లీ నేల మీది కొలతే. అప్పుడు వేపచెట్టు కింది డబ్బా దగ్గరికే రావాలి.

వాన మబ్బులను చూసే రాడార్ సంగతీ అడగాల్సిందే. హైదరాబాద్, చెన్నై, శ్రీహరికోట, మచిలీపట్నం రాడార్లలో అనంతపురానికి దగ్గరిది కూడా మూడు వందల కిలోమీటర్ల దూరం. భూమి గుండ్రం కాబట్టి రాడార్ కిరణం దూరం పోయేకొద్దీ నేల నుంచి లేస్తుంది. మన దగ్గరికి వచ్చేసరికి ఏడెనిమిది కిలోమీటర్ల పైన ఉంటుంది. దాని కింద నుంచి మబ్బులు వస్తాయి, పోతాయి. కరువు సీమకు రాడార్ ఎందుకని అడిగేవారికి 2021 నవంబర్‌లో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి కొట్టుకుపోయిన ఊళ్లను, 2022 అక్టోబర్‌లో నడిమివంక అనంతపురం ఇళ్లలోకి వచ్చిన రాత్రిని గుర్తుచేస్తే చాలు. వాతావరణ శాఖ బలోపేతానికి 2024లో మంజూరైన మిషన్ మౌసమ్‌కు రెండు వేల కోట్లు కేటాయించారు. సీమ వాటా ఏమిటో మన ఎంపీలు అడిగి తెలుసుకోవాలి. ఇంతకుముందు మేఘమథనం పేరుతో విమానాలు ఎక్కించి కోట్లు మబ్బుల్లో చల్లారు. మబ్బు ఎక్కడుందో సరిగా చూసే కన్ను మాత్రం ఇప్పటికీ పెట్టలేదు.

తప్పు మా వైపూ ఉంది. వాతావరణ కేంద్రం "ఒకటి రెండు చోట్ల" అని రాస్తే, ఉన్న స్టేషన్లలో నాలుగో వంతు లేదా అంతకన్నా తక్కువ చోట్ల పడుతుందని లెక్క. "కొన్ని చోట్ల" అంటే సగం దాకా. "అనేక చోట్ల" అంటే ముప్పావు దాకా. ఇవి కవితలో మాటలు కావు, కొలతలు. ఆ బులెటిన్ మా డెస్కుకు చేరేసరికి "నేడు సీమలో వర్షాలు" అని హెడ్డింగ్ అయిపోతుంది. మరునాడు నాలుగింట మూడు మండలాల్లో చినుకు పడదు. టీ అంగడి దగ్గర పేపర్ మడిచి "వీళ్లు వాన అంటే ఎండ" అని నవ్వుకుంటారు. తిట్లు తినేది వాతావరణ కేంద్రంలో రాత్రి డ్యూటీ చేసినవాళ్లు, మాట మార్చింది మేము.

ఖరీఫ్ ముందు జరిగే జిల్లా సమీక్షలో విత్తన కాయల రాయితీ, ఎరువులు, బ్యాంకు రుణాలకు గంటలు పోతాయి. ఈసారి కలెక్టర్ అజెండాలో మూడు విషయాలు ముందుకు రావాలి. ప్రతి మండలంలో వర్షమాపకం ఎక్కడుంది, ఎలా ఉంది అని జూన్ లోపు తనిఖీ చేసి, ఆ నివేదికను అందరికీ కనిపించేలా పెట్టాలి. జిల్లాకు ఒక వాతావరణ నిపుణుడు, ఒక పరిశీలకుడు మళ్లీ రావాలి, ఈసారి కాంట్రాక్టు కాకుండా. కేంద్రం ఇవ్వకపోతే రాష్ట్రమే ఇవ్వాలి. ఇద్దరి జీతం ఒక మండలం పరిహారంలో ఎన్నో వంతో లెక్కేసుకుంటే సిగ్గేస్తుంది. యూనివర్సిటీలో చదివిన మన పిల్లలకు ఆ కొలువుల్లో ముందు చోటు ఇవ్వాలి.

సోమవారం నుంచి మా జిల్లా పేజీలో అంచనాను వాతావరణ కేంద్రం వాడిన మాటలతోనే వేస్తాం. పక్కనే, ఆ మాటకు ఎన్ని చోట్లని అర్థమో రాస్తాం. కింద మండలాల వారీగా ముందురోజు ఎనిమిదిన్నర కొలత ఉంటుంది. కొలత రాని మండలం ఎదురుగా సున్నా వేయం, గడిని ఖాళీగా వదిలేస్తాం.