బ్రహ్మకు గుమాస్తా ఉద్యోగం

వెనకటికి మనిషికి మనుషుల మీద విసుగు పుడితే అడవికి పోయేవాడు. ఇప్పుడు అడవికి పోవాలన్నా అటవీశాఖ అనుమతి కావాలి కనుక నేను లువాంటీ అనే కంప్యూటరు ఆటను ఆశ్రయించాను. అక్కడ చెట్టు నరికితే కేసు లేదు, కొండ తవ్వితే నోటీసు లేదు. నేలంతా ఘనాలే. లోకం నడుమ నుంచి ఏ దిక్కుకు నడిచినా దాదాపు 31 వేల ఘనాల దాకా ఒక్క బంధువు ఎదురుపడడు.

2010లో ఫిన్లాండులో పెర్ట్టు అహోలా మొదలుపెట్టినప్పుడు దీని పేరు మైన్‌టెస్ట్. 2024 అక్టోబరులో లువాంటీ అయింది. ఫిన్నిష్ భాషలో సృష్టిని 'లువొంతి' అంటారు, మాడ్లు (ఆటకు కొత్త సరుకు చేర్చే చిన్న ప్రోగ్రాములు) రాసే భాష పేరు లువా. రెండూ కలిస్తే ఇది. పేరులో సృష్టి ఉంది కానీ, డౌన్‌లోడ్ చేసి తెరిస్తే లోపల ఆటే లేదు. ఇది ఆటలను నడిపే యంత్రం మాత్రమేనట, ఆటను విడిగా తెచ్చుకోవాలట. పెళ్ళికి వెళితే విస్తరి వేసి, నీళ్ళు చల్లి, వంటశాల అటువైపు అని చూపించినట్టు.

నేను నొచ్చుకోలేదు. కాంటెంట్‌డీబీ అనే సంత దానిలోనే ఉంది, సరుకంతా ఉచితం. ఉచితమన్న మాట వినబడ్డాక తెలుగువాడు లెక్కపెట్టుకుంటూ కూర్చోడు. కుర్చీలూ బల్లలూ ఉన్న ఒక మాడ్‌ను పిలిచాను. అది నలుగురు చుట్టాలను వెంటబెట్టుకుని దిగింది. ప్రతి మాడ్‌కూ ఒక జాతకపత్రం ఉంటుంది. ఎవరు లేకపోతే తాను అడుగు పెట్టదో 'డిపెండ్స్' అన్న వరుసలో రాసి ఉంటుంది. పోనీ అందరూ వచ్చారు కదా అంటే, ఆట తెరిస్తే ఒక్క కుర్చీ లేదు. ప్రతి లోకంలోనూ పేరుపేరునా టిక్కు పెట్టి లోపలికి రమ్మనాలట. కార్డు ఇస్తే చాలదు, బొట్టు పెట్టి పిలవాలి.

ఇంతవరకూ సహించాను. కానీ ఒక వ్యవసాయ మాడ్‌లో గోధుమ ఉంది, పత్తి ఉంది, గోంగూర లేదు. జాతికి జరిగిన ఈ అన్యాయాన్ని స్వయంగా సరిదిద్దదలిచాను.

మాడ్ రాయడంలో మొదటి నిబంధన చూడగానే కళ్ళు చెమర్చాయి. ప్రతి వస్తువు పేరుకూ ముందు మాడ్ పేరు, తరవాత రెండు చుక్కలు, ఆ తరవాతే సొంత పేరు ఉండాలి. ఇంటిపేరు ముందుండాలని ఫిన్లాండు వాళ్ళకు ఎవరు చెప్పారో! ప్రపంచంలో చాలామంది ఇప్పటికీ వెనక రాసుకుంటున్నారు. అక్కడితో ఆనందం ముగిసింది. గోధుమకు లాగే గోంగూరకూ మొలక నుంచి కోత దాకా 8 దశలు పెట్టాను. దశకొక బొమ్మ, బొమ్మకు అడ్డం 16, నిలువు 16 చుక్కలు. మొత్తం 2,048 చుక్కలు పెట్టాను. మా ఇంటి ముందు సంక్రాంతి ముగ్గుకు కూడా ఇన్ని పడవు.

పచ్చడి దగ్గర అసలు చిక్కు వచ్చింది. ఎండుమిరప వేరొకరి మాడ్‌లో ఉంది, ఉప్పు ఇంకొకరి మాడ్‌లో. 'డిపెండ్స్' పక్కనే 'ఆప్షనల్ డిపెండ్స్' అని ఇంకో గడి ఉంటుంది, లేకపోయినా పరవాలేదన్న వాళ్ళకు. ఉప్పును అందులో రాయడానికి నాకు చేతులు రాలేదు.

అంతా చేర్చి ఆ వ్యవసాయ మాడ్ వాళ్ళకు పంపితే వాళ్ళ సమీక్షకుడు జవాబిచ్చాడు. కోడులో వరుసల ముందు ఖాళీలు కాదు, ట్యాబులు వాడాలి. బొమ్మలకు లైసెన్సు ఏది? నేనే గీశానంటే, ఆ మాట లైసెన్సు ఫైలులో ఉండాలన్నాడు. ఆటగాడి ప్రాణం మొత్తం 20 పాయింట్లయితే గోంగూర పచ్చడికి నేను 20 ఇచ్చాను. మితిమీరింది, 2 చాలన్నాడు. తిని ఎరగడు, క్షమించాను. చివరికి, ఆకుపచ్చగానే ఉంది కనుక పాలకూరలో కలిపేద్దామా అని అడిగాడు.

ప్రభుత్వ ఉద్యోగులకు శిక్షణ ఇవ్వడానికి ఇంతకంటే మంచి సాధనం లేదని నా నిశ్చితాభిప్రాయం.

గోంగూరకు ఇప్పుడు సొంత మాడ్ ఉంది, దానికి అధిపతిని నేనే. నిన్న ఒకాయన తెల్ల గోంగూర కూడా కావాలని అర్జీ పెట్టుకున్నాడు, 8 బొమ్మలూ ఆయనే గీసి పంపాడు. చూశాను. ఖాళీలు వాడాడు. లైసెన్సు జత చేయలేదు. తిప్పి పంపాను.