సూచీ గారికి ఉద్దానం నుంచి

మహారాజశ్రీ సుస్థిరాభివృద్ధి సూచీ గారి సముఖానికి,

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని కవిటి మండలం నుంచి ఓ కొబ్బరి రైతు రాసుకున్న విన్నపం. ఇక్కడ అందరం క్షేమం అని రాయబోయి ఆగాను. ఐక్యరాజ్యసమితి పెట్టిన లక్ష్యాల మీద రాష్ట్రాలకు మార్కులేసి క్షేమం తేల్చడం మీ శాఖ కదా!

మా రాష్ట్రానికి 'ఫ్రంట్ రన్నర్' బిరుదిచ్చారు, సంతోషం. 65 నుంచి 99 మార్కుల దాకా అందరికీ అదే బిరుదట. 2023-24 నీతి ఆయోగ్ లెక్కలో దేశంలోని 36 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో 32 ముందువరసలోనే ఉన్నాయి. అంత పొడుగు ముందువరస మా ఊరి పెళ్లి బంతుల్లో కూడా చూడలేదు.

మీ మార్కులన్నీ కలిపి సగటు తీస్తారని విన్నాను. కరెంటుకు వచ్చిన మార్కులు ఆకలికి పోయిన మార్కులకు జామీను ఉంటాయన్నమాట. మీ పెద్దన్నగారు, మానవాభివృద్ధి సూచీ, ఈ వాటం కుదరదని 2010లోనే, కూడకుండా గుణించి తీసే గుణోత్తర సగటుకు మారిపోయారు. ఆయన దగ్గర ఒక పక్క బాగా దిగజారితే రెండో పక్క పూర్తిగా కాపు కాయలేదు. మీకు కబురు అందలేదేమో.

సరే, సగటు మాట వదిలేద్దాం. అందులోకి అసలు రానివే మా బాధ.

మీ 17 లక్ష్యాల్లో పద్నాలుగోది సముద్రం. అది తీర రాష్ట్రాలకే ఉంటుంది గనక మొత్తం మార్కులో కలపరట. ఒక్క మా జిల్లాదే సుమారు 193 కిలోమీటర్ల తీరం! ఇంత సముద్రం ఇంటి ముందు పెట్టుకుని మా కుర్రాళ్లు వేటకు గుజరాత్‌లోని వెరావల్ వెళ్తారు. 2018 నవంబరులో పాకిస్తాన్ వాళ్లు పట్టుకుపోతే 2020 జనవరి దాకా ఇంటికి రాలేదు. ఆ లెక్క ఏ గడిలో రాశారో తెలిస్తే చెప్పండి.

ఇక కిడ్నీ జబ్బు. మూడో లక్ష్యంలో అకాల మరణాల లెక్క ఉంది. గుండె, క్యాన్సర్, షుగరు, ఊపిరితిత్తుల జబ్బులు అందులో ఉన్నాయి. ఐక్యరాజ్యసమితి వారు రాసిన ఆ వరసలో కిడ్నీ లేదు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వాళ్లం దశాబ్దాలుగా మాత్రం దానితోనే పోతున్నాం. కారణం ఇప్పటికీ తేలలేదు. నీళ్లంటారు ఒకరు, ఎండలో చాకిరీ అంటారు మరొకరు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆస్పత్రి వచ్చింది, కాదనను. పడకలు లెక్కపెట్టడం సులువే. ఆ పడక మీదికి మనిషిని పంపేదేమిటో మాత్రం ఏ గడిలోనూ లేదు.

బిరుదు సంగతి చెబితే మా అత్త అడిగింది: "ఏటి బావూ, మార్కులొచ్చినాయంట గదా, డయాలసిస్‌కి ఎల్లడం తప్పుతాదేటి?"

2030 గడువు దగ్గర పడింది. సముద్రానికో గడి, కిడ్నీకో గడి ఇప్పించండి. అంత పని కుదరదంటే ఉద్దానాన్ని కూడా సముద్రంతో పాటు లెక్కలోంచి తీసేయండి. రాష్ట్రానికి ఇంకో మార్కు కలిసొస్తుంది.

చిత్తగించవలెను.

ఇట్లు,
తిత్లీ తుపానుకు తోట పోగొట్టుకుని, మళ్లీ నాటిన మొక్కలు కాపుకొచ్చేదాకా ఏ సగటుకూ అందని ఉద్దానం రైతు