గట్టిది కావాలా, కొత్తది కావాలా?

(విజయవాడ పటమటలో ఒక ఇంటి వాకిట్లో, ఆదివారం పొద్దున జరిగే వాదన ఇది. అల్లుడు మెకానికల్ ఇంజినీరింగ్ చదివి ఉద్యోగం చేస్తున్నాడు. మావయ్యకు ఆటోనగర్‌లో షెడ్డు ఉంది, పానా పట్టి ముప్ఫై ఏళ్లు దాటింది. ఇద్దరి మధ్యా అల్లుడి వ్యాగనార్ ఉంది. వెయ్యి సీసీ, మూడు సిలిండర్లు, 2014 నాటి బండి. ఇంజిన్‌ని బాడీకి పట్టి ఉంచే మౌంటింగుల్లో వెనకదాని బుష్, అంటే అదురును మింగే రబ్బరు ముక్క, చిరిగింది. రబ్బరుది పీకేసి, దాని స్థానంలో గట్టి పాలీయురెథేన్ (రబ్బరు కంటే గట్టి ప్లాస్టిక్ లాంటి పదార్థం) బుష్ ఇంట్లోనే వేసుకుంటానని అల్లుడు పార్సిల్ తెప్పించాడు. ఆ బుష్ వద్దు, ఇంట్లో చెయ్యడమూ వద్దు అని మావయ్య. నా మొగ్గు మావయ్య వైపే, దాచను. కానీ అల్లుడు అడిగినవాటిలో ఒకదానికి ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.)

అల్లుడు: ఇదిగో మావయ్యా, నొక్కి చూడు. గోరు కూడా దిగట్లేదు. కంపెనీ రబ్బరు, గట్టితనం కొలిచే షోర్ స్కేలు మీద 50, 60 దగ్గర ఉంటుంది, ఇది 80. ఆయిల్ పడితే రబ్బరు ఉబ్బి మెత్తబడిపోతుంది, దీనికి ఆ బాధ లేదు.

మావయ్య: వస్తువు బాగానే ఉంది. ముందు నీ బండికి వచ్చిన రోగం ఏంటో చెప్పు.

అల్లుడు: నీకు తెలియనిదా! క్లచ్ వదులుతుంటే కింద ధన్‌మంటోంది. రివర్స్ వేస్తే మళ్ళీ ధన్. గేర్ రాడ్ చేతిలో ఊగుతోంది. ఇందాక బానెట్ ఎత్తి, హ్యాండ్ బ్రేకు లాగి, బ్రేకు తొక్కిపట్టి క్లచ్ సగం వదిలితే నువ్వే పక్కన నిలబడి చూశావు. ఇంజిన్ రెండు వేళ్ల మందం లేచింది.

మావయ్య: లేచింది. బుష్ చిరిగింది కాబట్టి లేచింది. చిరగని రబ్బరు ఉంటే అంత లేస్తుందా?

అల్లుడు: అంత లేవదు, కొంత లేస్తుంది. ఆ కొంత కూడా వద్దంటున్నాను. లెక్క చెప్తా విను. ఈ ఇంజిన్ టార్క్, అంటే తిప్పే బలం, 90 న్యూటన్ మీటర్లు. మొదటి గేరు, డిఫరెన్షియల్ కలిపి దాన్ని దాదాపు 14 రెట్లు చేస్తాయి. అంటే చక్రాల దగ్గర 1260. ఇంజిన్ అడ్డంగా కూర్చున్న బండిలో, చక్రాలను ముందుకు తిప్పే బలం ఎంతో, ఇంజిన్‌ని వెనక్కి తిప్పే బలమూ అంతే. దాన్ని పట్టి ఉంచాల్సింది ఈ మౌంటింగులే. రబ్బరు ముందు నలుగుతుంది, అది నలిగాకే బలం చక్రానికి చేరుతుంది. యాక్సిలరేటర్ వదిలితే మళ్ళీ వెనక్కి వస్తుంది. ట్రాఫిక్‌లో ఇలా రోజుకి వందల సార్లు. గట్టి బుష్ వేస్తే కాలు కదిలిన వెంటనే బండి కదులుతుంది, గేరు టక్కున పడుతుంది. రేసు బండ్లలో మౌంటింగులు ఎందుకు గట్టిగా పెడతారు మరి?

మావయ్య: రేసు బండిలో కూర్చునేవాడు నెత్తిన హెల్మెట్ పెట్టుకుని ఏసీ లేకుండా అరగంటో గంటో కూర్చుంటాడు. నీ బండిలో ఎవరు కూర్చుంటారు?

అల్లుడు: మావయ్యా, అమ్మ నడుము నొప్పి సంగతి ఇప్పుడు తేకు.

మావయ్య: తేకుండా ఎలారా? అక్కని వారానికి రెండుసార్లు ఫిజియోథెరపీకి తీసుకెళ్లేది ఈ బండిలోనేగా. నువ్వు లెక్క చెప్పావు కదా, నేనూ ఒక లెక్క అడుగుతాను. స్లోలో, అంటే బండి ఆగి ఇంజిన్ మాత్రం నడుస్తున్నప్పుడు, అది నిముషానికి 800 చుట్లు తిరుగుతుంది. ఒక్కో సిలిండర్ రెండు చుట్లకు ఒకసారి పేలుతుంది. మూడు సిలిండర్లు. సెకనుకు ఎన్ని దెబ్బలు?

అల్లుడు: 20.

మావయ్య: నాలుగు సిలిండర్లయితే?

అల్లుడు: 26, 27.

మావయ్య: అదీ సంగతి. మూడు సిలిండర్ల బండిలో దెబ్బలు తక్కువ, ఒక్కో దెబ్బకీ మధ్య ఖాళీ ఎక్కువ. అందుకే అది పుట్టుకతోనే వణుకుతుంది. నేను పని నేర్చుకున్నది మారుతి 800 మీద. అదీ మూడు సిలిండర్లే, 796 సీసీ. మౌంటింగ్ రబ్బరు ఎండిపోయి రాయిలా అయిన 800ని స్లోలో పెడితే స్టీరింగ్ పట్టుకున్న చెయ్యి తిమ్మిరెక్కేది, అద్దంలో వెనక బండి రెండుగా కనపడేది. ఆ రబ్బరు ముసలిదై గట్టిపడింది. నువ్వు కొత్తదాన్నే గట్టిగా చేయించి తెచ్చావు. తేడా ఏంటి?

అల్లుడు: తేడా ఉంది. ముసలి రబ్బరు పగులుతుంది, ఇది పగలదు.

మావయ్య: పగలడం సంగతి కాదు, అదురు సంగతి అడుగుతున్నా. మీ పుస్తకంలో స్ప్రింగు మీద బరువు పెట్టి ఊపే లెక్క ఒకటి ఉంటుందట కదా. మా షెడ్డుకి వచ్చే పాలిటెక్నిక్ కుర్రాడు ఒకసారి నేల మీద సుద్దముక్కతో వేసి చూపించాడు. నువ్వే చెప్పు.

(అల్లుడికి ఇష్టం లేకపోయినా చెప్పాడు. నిజాయితీగా చెప్పాడు కూడా, అది ఆ కుర్రాడిలో నాకు నచ్చే గుణం.)

అల్లుడు: ఇంజిన్ తన మౌంటింగుల మీద సహజంగా ఎంత వేగంతో ఊగుతుందో దానికి 1.41 రెట్లు మించి దెబ్బలు పడితేనే మౌంటింగ్ ఆ అదురును బాడీకి చేరకుండా ఆపుతుంది. అంతకంటే తక్కువైతే ఆపకపోగా పెంచుతుంది. ఉదాహరణకి రబ్బరు మీద సెకనుకు 12 సార్లు ఊగుతుంది అనుకుందాం. 20ని 12తో భాగిస్తే 1.67, ఫర్వాలేదు. మౌంటింగ్ రెట్టింపు గట్టిపడితే ఆ 12 కాస్తా 17 అవుతుంది. 20ని 17తో భాగిస్తే 1.18.

మావయ్య: అంటే?

అల్లుడు: అంటే స్లోలో అదురు పెరుగుతుంది. కానీ నువ్వు ఒకటి మర్చిపోతున్నావు. ఉన్నవి మూడు మౌంటింగులు. నేను మారుస్తున్నది ఒక్క వెనకదే. కుడి ఎడమలు రబ్బరువే ఉంటాయి, బరువు మోసేవీ అవే. ఒక్కటి గట్టిదైనంత మాత్రాన మొత్తం రెట్టింపు ఎందుకవుతుంది?

మావయ్య: అవదు, ఒప్పుకుంటా. మూడూ మార్చేవాడి కంటే నువ్వు నయమే. కానీ ఇంజిన్ ముందుకీ వెనక్కీ ఊగేటప్పుడు పట్టేది ఆ వెనకదే. స్లోలో మూడు సిలిండర్ల దెబ్బలు ఊపేదీ అటే. మే నెలలో బెంజ్ సర్కిల్ దగ్గర ఏసీ వేసుకుని ఆగావనుకో. కంప్రెసర్ పట్టగానే ఇంజిన్ ఒక్క ఊపు ఊగుతుంది. ఇప్పుడు ఆ ఊపు రబ్బరు తింటోంది. రేపు సీటు తింటుంది, సీటు మీద ఉన్న మనిషి నడుము తింటుంది.

అల్లుడు: సరే మావయ్యా. ఇప్పుడు నేనొకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ఈ రబ్బరు బుష్ ఎప్పుడు వేశాం?

మావయ్య: మొన్న సంక్రాంతికి ముందు.

అల్లుడు: ఎనిమిది నెలలు. నీ షెడ్డులోనే వేశారు. కంపెనీ సామానే తెచ్చాం, డూప్లికేట్ కాదు. ఎనిమిది నెలలకే చిరిగింది. ఇంకా ఏ నమ్మకంతో రబ్బరు వెయ్యమంటావు? పైగా బుష్ ఒక్కటీ విడిగా దొరకదు. బ్రాకెట్‌తో సహా కొనమన్నారు. గుప్పెడు రబ్బరు పోతే కిలోల ఇనుము పారేసి కొత్త ఇనుము కొనాలి. పాత ఇనుముకి ఏమైంది? ఏమీ కాలేదు. ఆ బ్రాకెట్‌లోనే నా బుష్ సరిపోతుంది. ఇందులో తప్పేముంది?

(ఇనుము పారెయ్యడం గురించి అతనన్నదానికే నా దగ్గర జవాబు లేదు. బుష్ విడిగా అమ్మితే ఈ వాదన సగం అయినా ఉండేది కాదు.)

మావయ్య: ఆ చిరిగినదాన్ని ఇలా ఇయ్యి.

(తీసుకుని ఎండలోకి తిప్పాడు. గుండ్రటి ఇనుప గిన్నె, మధ్యలో గొట్టం, రెండింటినీ కలుపుతూ రబ్బరు. బొటనవేలి గోరు చీలికలోకి పెట్టి చుట్టూ లాగాడు. గోరు ఒక పక్క పూర్తిగా దిగింది, రెండో పక్కకి వచ్చేసరికి ఆగిపోయింది. ఆ పక్క రబ్బరు నల్లగా, మెత్తగా, కొత్తదానిలా ఉంది.)

మావయ్య: ఇది ముసలితనం కాదు. ముసలిదైతే చుట్టూ సన్నటి పగుళ్లు ఉంటాయి. ఆయిల్ తాగితే ఉబ్బి జిగురు వస్తుంది. ఇది ఒకవైపే తెగింది, గొట్టం అంచున. బిగించినప్పుడే ఒక పక్కకి లాగి ఉంచారు దీన్ని.

అల్లుడు: అదే నేను చెప్పబోయింది. ఆ రోజు నువ్వు షెడ్డులో లేవు. బోల్టు రంధ్రం కలవలేదు. నీ కుర్రాడు గునపం పెట్టి ఇంజిన్‌ని ఎత్తి, బోల్టు దూర్చి, గాలి గన్నుతో బిగించేశాడు. నేను పక్కనే ఉన్నా. అప్పుడు నాకు తెలియదు, అందుకే నోరెత్తలేదు. తర్వాత చదివి తెలుసుకున్నా. రబ్బరు బుష్‌లో గొట్టం తిరగదు, రబ్బరే మెలి తిరుగుతుంది. అందుకని ఇంజిన్ తన చోట తను కుదురుగా కూర్చున్నాకే ఆఖరి బిగింపు బిగించాలి. మెలిపెట్టి బిగిస్తే బండి ఆగి ఉన్నప్పుడు కూడా రబ్బరు లాగుతూనే ఉంటుంది.

(మావయ్య కాసేపు మాట్లాడలేదు. పాత బుష్‌ని అరుగు మీద పెట్టాడు, మళ్ళీ తీసుకున్నాడు.)

మావయ్య: తప్పు మాదే. నేను చూసుకోవాల్సింది. ఆ డబ్బు నీకు తిరిగిస్తా.

అల్లుడు: డబ్బు కోసం కాదు మావయ్యా. ఇంట్లో నేనే చేసుకుంటాను అంటున్నది ఇందుకే. నాకు తొందర లేదు. నాలుగు గంటలు పట్టినా పడుతుంది, పుస్తకంలో రాసినంత బిగింపే బిగిస్తాను. షెడ్డులో మూడు బండ్లు వెయిటింగులో ఉంటే ఆ కుర్రాడు మాత్రం ఏం చేస్తాడు?

మావయ్య: కుర్రాణ్ణి అనకు, వాడు నేను నేర్పినట్టే చేస్తాడు. అది వదిలెయ్యి. ఇంట్లో చేస్తానంటున్నావు, మరి బండి కింద ఆ ఇటుకలేంటి?

అల్లుడు: జాకీ జారితే అడ్డంగా ఉంటాయని.

మావయ్య: ఒరేయ్! ఇటుక మీద కారు నిలబెడతారట్రా ఎవరైనా? సిమెంటు ఇటుకైనా మట్టి ఇటుకైనా బరువు ఒక మూల పడితే బిస్కెట్టులా పొడి అయిపోతుంది, ముందు చెప్పి కూలదు. కారు కింద పెట్టే ఇనుప స్టాండ్లు లేవా నీ దగ్గర?

అల్లుడు: రెండు పాత చక్రాలు కూడా పెడదామనుకున్నా.

మావయ్య: చక్రాలు పెట్టు, కాదనను, కానీ స్టాండ్ల బదులు కాదు. వెనక చక్రాలకి రాళ్లు పెట్టావా? లేదు. హ్యాండ్ బ్రేకు? సరే, అదొక్కటి ఉంది. మూడు వేలు పెట్టి బుష్ తెప్పించావు, జత స్టాండ్లు కొనలేకపోయావా? మా పక్క షెడ్డులో జాకీ ఒక్కటే పెట్టి దూరినవాడు మూడు నెలలు మంచంలో ఉన్నాడు. ఇంజిన్‌ని కింద నుంచి దేంతో పట్టిస్తావు?

అల్లుడు: ఇంకో జాకీ, ఆయిల్ సంపు కింద.

మావయ్య: నేరుగానా?

అల్లుడు: చెక్క పెట్టి.

మావయ్య: ఊఁ. చెక్క వెడల్పుగా ఉండాలి, లేకపోతే సంపు సొట్టపోతుంది. ఎత్తనక్కర్లేదు, ఆనిస్తే చాలు. పాత గిన్నె ఎలా తీస్తావు?

అల్లుడు: రబ్బరు కాల్చేసి...

మావయ్య: కాల్చకు. ఆ పొగ పీలిస్తే రెండు రోజులు గొంతు మండుతుంది, ఇంట్లో అక్క ఉంది. రబ్బరు డ్రిల్లుతో తీసెయ్యి. గిన్నెని హ్యాక్సా బ్లేడుతో ఒక గీత కొయ్యి, బ్రాకెట్‌కి తగలకుండా. గిన్నె వదులవుతుంది, ఉలితో లోపలికి మడిస్తే ఊడొస్తుంది. అదీ... నేనేం చెప్తున్నాను నీకు? పాలీ బుష్ వెయ్యొద్దని వచ్చి, ఎలా వెయ్యాలో చెప్తున్నా.

అల్లుడు: చెప్పు మావయ్యా, ఆపకు. గొట్టానికి సిలికాన్ గ్రీజు తెచ్చాను. గ్రీజు ఎండితే కీచుమంటుందని తెలుసు. దీనికి ఇంకో లాభం కూడా ఉంది. ఇందులో గొట్టం తిరుగుతుంది, కాబట్టి మెలిపడి చిరిగే గొడవే లేదు.

మావయ్య: అదిగో, అక్కడే నువ్వు నా వైపు వచ్చేశావు. ఇందాక నువ్వేమన్నావు? రబ్బరు చిరిగింది, అందుకే గట్టిది కావాలన్నావు. ఇప్పుడు ఇద్దరం చూశాం, రబ్బరు మెత్తదనం వల్ల చిరగలేదు, మేం బిగించిన తీరు వల్ల చిరిగింది. మెలిపెట్టకుండా బిగిస్తే అదే రబ్బరు మళ్ళీ ఏళ్ల తరబడి ఉంటుంది. ఈ బండికి మొదట వచ్చిన బుష్ ఎన్నేళ్లు ఉందో నీకే తెలుసు. గేర్ రాడ్ ఊగిందీ, ధన్‌మందీ చిరిగినందుకే. కొత్త రబ్బరుతో బండి ఎలా ఉంటుందో నువ్వు ఎనిమిది నెలల్లో ఒక్కరోజు కూడా చూడలేదురా. బాగున్న రబ్బరు సంగతి తెలియకుండానే రబ్బరు వద్దంటున్నావు. ఇంకొకటి. బోల్టు రంధ్రం ఆ రోజు ఎందుకు కలవలేదు? అది అడిగావా నువ్వు?

అల్లుడు: ... అడగలేదు.

మావయ్య: టార్చ్ తే. కుడి పక్క మౌంటింగ్ చూడు. పైగిన్నెకీ కిందదానికీ మధ్య సందు ఉండాలి, వేలు పట్టాలి. పడుతోందా?

అల్లుడు: లేదు. ఆనుకుని ఉంది.

మావయ్య: కుంగింది. ఆ పక్క ఇంజిన్ కిందకి దిగితే వెనక రంధ్రం ఎలా కలుస్తుంది? మా వాడు గునపం అందుకున్నది అందుకు. ఇది ఇలా ఉండగా వెనక నువ్వు పాలీ వేస్తే, కుంగిన ఇంజిన్‌ని గట్టిగా కట్టేసినట్టే. రబ్బరైతే చిరిగి ఊరుకుంది. అది చిరగదు కదా, ఆ లాగుడు బ్రాకెట్ మీదా బోల్టు మీదా పడుతుంది.

అల్లుడు: అయితే కుడి పక్కది కొత్తది వేసి, ఆ తర్వాత వెనక పాలీ వేస్తా.

మావయ్య: కుడి పక్కది కొత్తది, వెనకదీ కొత్త రబ్బరే. రెండూ నువ్వే, ఇక్కడే, నీ చేత్తోనే వెయ్యి. ఇంట్లో చెయ్యొద్దని ఇక అనను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. ఇంజిన్ కుదురుకున్నాక, జాకీ తీసేశాక ఆఖరి బిగింపు. నేను అరుగు మీద కూర్చుంటాను, పానా ముట్టుకోను.

అల్లుడు: మళ్ళీ ఎనిమిది నెలలకు చిరిగితే?

మావయ్య: ఆ పార్సిల్ బీరువాలో పెట్టు, పారెయ్యకు. చిరిగితే నేనే వచ్చి నీ పాలీ బుష్ వేస్తా. ముందు ఆ ఇటుకలు తియ్యి, నేను షెడ్డుకెళ్లి స్టాండ్లు తెస్తా.