ఇందిర తెర మీదికి ఎందుకు రాలేదు?

నవల చదివి సినిమాకి వెళ్ళినవాళ్ళు హాలు బయటికొచ్చి చెప్పే మాట ఎప్పుడూ ఒకటే, పుస్తకంలో ఉన్నట్టు తీయలేదండీ అని. తెలుగువాళ్ళం కొన్ని తరాలుగా ఈ మాట అంటూనే ఉన్నాం. మేము మాత్రం ఈ ఫిర్యాదుని ఉన్నదున్నట్టు ఒప్పుకోలేం. సినిమా తీసేవాళ్ళకి సీన్లు ఎత్తేసే హక్కుంది, ఊరి పేరు మార్చే హక్కుంది, కావాలంటే ముగింపు మార్చే హక్కు కూడా ఉంది. పేజీ పేజీకీ టిక్కు పెట్టుకుంటూ సినిమా చూస్తే అటు పుస్తకం ఆనందమూ దక్కదు, ఇటు సినిమా ఆనందమూ దక్కదు. మేము పట్టుబట్టేది ఒక్క విషయంలో. నవలలో అంత ఎత్తున కనిపించిన మనిషి తెర మీదికి వచ్చేసరికి ఎందుకు చిన్నబోవాలి? ఎవరి భయం వల్ల?

దీనికి మాకు వెంటనే గుర్తొచ్చేది డాక్టర్ పి. శ్రీదేవి రాసిన 'కాలాతీత వ్యక్తులు'. 1950ల చివర్లో 'తెలుగు స్వతంత్ర'లో సీరియల్‌గా వచ్చిన నవల. విశాఖపట్నంలో ఒకే ఇంట్లో వాటాల్లో ఉంటున్న మనుషులు, మెడిసిన్ చదువుతున్న ప్రకాశం, ఉద్యోగం చేసి తండ్రిని పోషిస్తున్న ఇందిర, వాళ్ళ మధ్యకి వచ్చే కల్యాణి, కృష్ణమూర్తి, వసుంధర. పైకి చూస్తే ఎవరు ఎవర్ని పెళ్ళి చేసుకుంటారన్న కథలాగే ఉంటుంది గానీ నవలంతా ఇందిర చుట్టూ తిరుగుతుంది. ఆమె జాలి అడగదు. కష్టపడుతున్నాను కాబట్టి నన్ను మంచిదాన్ననండి అని కూడా అడగదు. తనకి సుఖంగా బతకాలని ఉంది, ఆ మాట దాచుకోదు. ప్రకాశం అంటే ఇష్టమే, కానీ పెద్దవాళ్ళ ముందు నోరు విప్పలేని మనిషని తెలిసిపోయాక అతని కోసం ఏడుస్తూ కూర్చోదు, తన దారి తను చూసుకుంటుంది. కొన్నిచోట్ల మనకి ఆమె మీద కోపం కూడా వస్తుంది, స్వార్థపరురాలు అనిపిస్తుంది, రచయిత్రి మాత్రం ఆమె తరఫున క్షమాపణ చెప్పదు, ఆమెని దండించదు కూడా. తెలుగు నవలల్లో ఇలాంటి ఆడమనిషి అంతకు ముందు ఎక్కడ ఉందో వెతికి చూడండి, వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది కూడా దొరకరు.

ఈ నవల ఆధారంగా 1963లో 'చదువుకున్న అమ్మాయిలు' వచ్చింది. అన్నపూర్ణ వారి సినిమా, ఆదుర్తి సుబ్బారావు దర్శకత్వం, అక్కినేని, సావిత్రి, కృష్ణకుమారి, ఈ.వి. సరోజ. రచయిత్రి ఈ సినిమా చూడలేదు, 1961లోనే, ముప్ఫై రెండేళ్ళకే ఆమె చనిపోయింది. సినిమాని తీసిపారేయడం మా ఉద్దేశం కాదు. సరదాగా సాగిపోతుంది, సాలూరి రాజేశ్వరరావు పాటలు ఇప్పటికీ నోట్లో ఆడతాయి, 'కిలకిల నవ్వులు చిలికిన' పాట ఒక్కటి చాలు ఆ సినిమాని జనం మర్చిపోకుండా ఉండటానికి. కానీ పుస్తకం మూసి ఆ సినిమా చూస్తే గుండెలో ఏదో కలుక్కుమంటుంది. ఇందిర పోలికలు అక్కడక్కడా ఉన్నాయి గానీ ఇందిర లేదు. చదువుకున్న ఆడపిల్లల అల్లరి ఉంది, ప్రేమలున్నాయి, పెళ్ళిళ్ళున్నాయి, ఎవరికీ సంజాయిషీ చెప్పుకోని ఆ ఒక్క అమ్మాయి మాత్రం లేదు. కుటుంబాలతో వచ్చే ప్రేక్షకులు ఒప్పుకోరేమో అన్న అనుమానం తప్ప దీనికి ఇంకో కారణం మాకు తోచడం లేదు. అదే నవలని వారం వారం చదివింది కూడా ఆ కుటుంబాల్లోని ఆడవాళ్ళే కదా! పుస్తకంలో ఒప్పుకున్నవాళ్ళు తెర మీద ఒప్పుకోరని ఎవరు తేల్చారు?

ఆ మరుసటి ఏడాదే అదే సంస్థ, అదే దర్శకుడు, ఇంకో నవల. కోడూరి కౌసల్యాదేవి 'చక్రభ్రమణం' 1964లో 'డాక్టర్ చక్రవర్తి' అయింది. చనిపోయిన చెల్లెల్ని ఇంకొకరి భార్యలో చూసుకునే డాక్టరు, ఆ అనుబంధాన్ని నమ్మలేని భర్త, మధ్యలో నలిగిపోయే ఆ ఇల్లాలు. ఇక్కడ నవల అడిగిన ప్రశ్నని సినిమా జాగ్రత్తగా మోసుకొచ్చింది. రక్తసంబంధం లేని ఆడా మగా అన్నాచెల్లెళ్ళలా ఉంటామంటే లోకం ఒప్పుకుంటుందా అన్న ప్రశ్న తెర మీద కూడా అంతే సూటిగా నిలబడింది. రాష్ట్ర ప్రభుత్వం నంది అవార్డులు మొదలుపెట్టిన ఏడాది ఉత్తమ చిత్రం ఇదే. అంటే చేతకాక కాదు. చేయాలనుకున్న చోట వాళ్ళే చేసి చూపించారు.

నవలలో మనిషి లోపల జరిగేది రచయిత నేరుగా చెప్పేస్తాడు, సినిమాకి ఆ వీలు లేదు అంటారు. నిజమే, కానీ మన సినిమాకి పాట ఉంది. శరత్ చంద్ర 'దేవదాసు' 1917లో వచ్చిన బెంగాలీ నవల. చివర్లో దేవదాసు పార్వతి అత్తగారి ఊరికి బండి మీద చేరి, ఆమె ఇంటి ముందే ప్రాణం వదులుతాడు. అక్కడ శరత్ కథ చెప్పడం ఆపేసి మనతోనే మాట్లాడతాడు, చావు అందరికీ వచ్చేదే, కానీ ఆ వేళ ప్రేమగా ఒక చెయ్యి నుదుటి మీద పడాలి, ఒక్కరి కంట్లోనైనా నీటిచుక్క చూసి పోవాలి అని. ఆ పేరాని కెమెరాతో ఎలా తీస్తారు? తీయలేరు. వేదాంతం రాఘవయ్య 1953లో తీసిన తెలుగు 'దేవదాసు' ఆ పని వేరే చోట, వేరే రకంగా చేసింది. సముద్రాల మాట, ఆ బాణీ, ఘంటసాల గొంతు కలిసి 'జగమే మాయ' అన్నప్పుడు ఆ తాగుబోతు లోపల ఎంత ఖాళీ ఉందో మనకి తెలిసిపోతుంది. నవలలో ఆ పాట లేదు, కానీ ఆ పాటలో నవల ఉంది. 2002లో వచ్చిన హిందీ దేవదాసులో పార్వతి, చంద్రముఖి కలిసి నాట్యం చేస్తారు, నవలలో ఆ ఇద్దరూ ఒకరికొకరు ఎదురుపడనే పడరు. నాట్యం చూడటానికి ఎంత బాగున్నా, ఒకరి గురించి ఒకరు వినడమే తప్ప కలుసుకోలేని ఇద్దరు ఆడవాళ్ళ దూరం అక్కడ పోయింది. మార్పు చేశారని మా బాధ కాదు, ఆ మార్పుతో పోయింది చిన్న విషయం కాదు.

పుస్తకాన్ని అంటిపెట్టుకుని ఉండటం కూడా అన్నిసార్లూ కాపాడదు. విశ్వనాథ సత్యనారాయణ 'ఏకవీర' చూడండి. మధుర నాయక రాజుల కాలం, వైగై నది ఒడ్డు, ఇద్దరు ప్రాణస్నేహితులు, ఒకరు మనసిచ్చిన పిల్ల ఇంకొకరికి భార్య కావడం. 1969లో సి.ఎస్. రావు దర్శకత్వంలో వచ్చిన సినిమాకి సి. నారాయణరెడ్డి మాటలు రాశారు, రామారావు, కాంతారావు, కె.ఆర్. విజయ, జమున నటించారు, 'ప్రతిరాత్రి వసంతరాత్రి' లాంటి కృష్ణశాస్త్రి పాట ఉంది. ఇన్ని ఉన్నా ఆ చిన్న నవల చదివినప్పుడు ఊపిరాడనట్టు అయ్యే ఉక్కిరిబిక్కిరి సినిమాలో రాదు. ఆ నవల బలమంతా పైకి చెప్పుకోలేని మాటల్లో ఉంది, కట్టుకున్న మనిషి పక్కనే ఉండగా మనసు ఇంకెక్కడో ఉండటం, ఆ సంగతి తనకి తనే ఒప్పుకోలేకపోవడం. రాజుల కాలం దుస్తులు, కోటలు, గంభీరమైన సంభాషణలు వచ్చేసరికి ఆ మౌనానికి చోటు చాల్లేదు. కథకి ద్రోహం చేయకపోయినా నవల జారిపోయిన సినిమా ఇది.

దీనికి పూర్తిగా ఎదురు చివర 'మా భూమి' ఉంది. కృష్ణచందర్ ఉర్దూలో రాసిన 'జబ్ ఖేత్ జాగే' నవలలో రాఘవరావు అనే కుర్రాడు ఉరికంబం ఎక్కబోయే ముందు జైల్లో గడిపే చివరి రాత్రి ఉంటుంది, వెనక్కి తిరిగి చూసుకునే జ్ఞాపకాలు ఉంటాయి. గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో, బి. నర్సింగరావు నిర్మాణంలో వచ్చిన సినిమా ఆ ఏర్పాటునంతా పక్కన పెట్టేసింది. రామయ్య అనే పల్లె పిల్లగాడు, దొర ఉండే గడీ, కూలి ఇవ్వకుండా చేయించుకునే వెట్టి, హైదరాబాద్ నగరం, సంఘం, సాయుధ పోరాటం వరుసగా నడుస్తాయి. నవల ఉర్దూ పాఠకుడికి తెలంగాణ గురించి చెప్పింది, సినిమా తెలంగాణ చేతే తన కథ చెప్పించింది. సుద్దాల హనుమంతు 'పల్లెటూరి పిల్లగాడా' పాటా, గద్దర్ తెర మీద గొంతెత్తిన 'బండెనక బండి కట్టి' పాటా పోరాటంలో పుట్టి ఊళ్ళలో పాడుకున్నవే, ఎవరో సినిమా కోసం కూర్చుని రాసినవి కావు. ఆ పశువులు కాసే పిల్లగాడి పాట వింటుంటే, వెట్టి గురించి పది పేజీలు రాసినా రాని దుఃఖం వస్తుంది. ఇంత మార్చినా మనిషి చిన్నబోలేదు, ఇంకా పెద్దవాడయ్యాడు. మార్చారా లేదా అని కొట్టుకోవడం ఎందుకు దండగో ఈ రెండు సినిమాలు పక్కపక్కన పెట్టుకు చూస్తే తెలుస్తుంది.

డెబ్భైలలో నవలా నాయకుల రాజ్యం నడిచిన రోజుల్ని కూడా ఈ లెక్కతోనే చూడాలి. వారపత్రికల్లోంచి సీరియల్ పేజీలు జాగ్రత్తగా విప్పి, దారంతో కుట్టి, అట్ట వేయించి దాచుకున్న ఇళ్ళు ఎన్నో. అద్దె పుస్తకాల షాపులో యద్దనపూడి సులోచనారాణి నవల అడిగితే బయటికెళ్ళింది, రేపు రండి అనేవారు. ఆ పుస్తకాల్లో మార్జిన్ల మీద ఎవరో గీసిన గీతలు, చివరి పేజీలో ఎవరో రాసిన 'చాలా బాగుంది' ఉండేవి. అంతమంది కలిసి ఊహించుకున్న రాజశేఖరాన్ని 1976లో 'సెక్రటరీ' సినిమాగా వచ్చినప్పుడు యాభై దాటిన అక్కినేనిలో చూడాల్సి వచ్చింది. ఆయన గొప్ప నటుడు, అందులో రెండో మాట లేదు, కానీ చదివిన ప్రతి అమ్మాయి మనసులోనూ అప్పటికే ఒక ముఖం ఉంది, దాన్ని ఏ నటుడూ గెలవలేడు. అయిదేళ్ళ ముందు 'ప్రేమనగర్' కౌసల్యాదేవి నవలతోనే వచ్చినా ఆ ఇబ్బంది అంతగా పడలేదు. ఆత్రేయ మాటలూ పాటలూ, 'మనసు గతి ఇంతే' అన్న ఆ ఒక్క పల్లవీ కల్యాణ్‌ని అక్కినేనికి అప్పగించేశాయి.

యండమూరి నవలలు సినిమాలైన రోజులకి వచ్చేసరికి ఇంకో మార్పు వచ్చింది, నవల రాస్తున్నప్పుడే అందులో సినిమా కనిపించడం మొదలైంది. 'అభిలాష' ఉరిశిక్ష మీద వేసిన ప్రశ్న 1983లో చిరంజీవి సినిమాలోనూ నిలబడిందంటే ఆ ప్రశ్న కథకి వెన్నెముకగా ఉండబట్టే. వంశీ తన 'మహల్లో కోకిల'ని తానే 'సితార'గా తీసుకున్నాడు, అక్కడ రచయితా దర్శకుడూ ఒకరే కాబట్టి తగువే లేదు.

ఈ మధ్య సంగతికి వద్దాం. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి 'కొండపొలం' అమెరికాలోని తెలుగువాళ్ళ సంఘం తానా పెట్టిన నవలల పోటీలో బహుమతి తెచ్చుకున్న పుస్తకం. కరువొచ్చి ఊళ్ళో నీళ్ళూ గడ్డీ లేక గొర్రెల్ని తోలుకుని నల్లమల ఎక్కే కాపరుల కథ. ఏ చప్పుడు పులిది, ఏ మడుగులో నీళ్ళుంటాయి, రాత్రి మంద చుట్టూ ఎవరు ఎక్కడ పడుకోవాలి, ఇలాంటి తెలివిడి అంతా కడప పల్లె మాటల్లో చదువుతుంటే అడవి వాసన తగులుతుంది. 2021లో క్రిష్ దాన్ని సినిమాగా తీశాడు. ఈ నవలని ఎంచుకోవడమే సాహసం, అందుకు మేము మనస్ఫూర్తిగా అభినందిస్తున్నాం, అడవి కూడా బాగా కనిపించింది. అయినా నవలలో లేని కథానాయికని తెచ్చి పెట్టాల్సి వచ్చింది. ఆ పాత్రని తప్పు పట్టడం లేదు. కానీ అడవే నేర్పుతుంది, గొర్రెలే నేర్పుతాయి, పెద్ద కాపరులే నేర్పుతారు అని నవల అంత గట్టిగా చెప్పాక, ఒక ప్రేమకథ తోడు లేకపోతే జనం కూర్చోరన్న టెన్షన్ ఎందుకు? 1963 నాటి భయమే ఇది.

రచయితలకి దక్కాల్సిన గౌరవం గురించి కూడా ఒక మాట. 2016లో 'అ ఆ' సినిమా వచ్చినప్పుడు యద్దనపూడి 'మీనా'తో పోలికల మీద ఎంత చర్చ జరిగిందో అందరికీ గుర్తుండే ఉంటుంది. 'మీనా' 1973లోనే విజయనిర్మల దర్శకత్వంలో సినిమాగా వచ్చిన నవల, ఎవరికీ తెలియని పుస్తకం కాదు. బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' సంగతి ఇంకా విచారకరం, 1960లో ఆ పేరుతో సావిత్రి నటించిన సినిమా వచ్చింది, కానీ కథ ఒక బెంగాలీ సినిమాది, బుచ్చిబాబు నవలకీ దానికీ సంబంధం లేదు. ఇప్పటికీ చాలామంది ఆ నవలే సినిమా అయిందనుకుంటారు. నవల నుంచి తీసుకున్నప్పుడు టైటిల్స్‌లో మొదటి వరుసలోనే, చదవడానికి వీలైనంత సేపు, రచయిత పేరూ నవల పేరూ వేయాలి. హక్కుల డబ్బు రచయితకి, లేకపోతే వారసులకి, షూటింగ్ మొదలవక ముందే చేరాలి. ఇవి దయతలచి చేసే పనులు కావు.

రెండున్నర గంటల్లో నవల పట్టదన్న సాకు ఇన్నాళ్ళూ చెల్లింది. ఇప్పుడు ఓటీటీలో ఎనిమిది, పది భాగాలుగా కథ చెప్పే వీలుంది, పెళ్ళితో ముగించాలన్న నియమం లేదు, ఇంటర్వెల్ బ్యాంగ్ అక్కర్లేదు. 'కాలాతీత వ్యక్తులు' ఇప్పటికీ పుస్తకాల షాపుల్లో దొరుకుతోంది. విశాఖపట్నం అక్కడే ఉంది. ఇందిరలాగా ఉద్యోగం చేసి ఇంటిని నడుపుతూ, తన ఇష్టాన్ని తను దాచుకోని అమ్మాయిలు హైదరాబాద్ హాస్టళ్ళలోనూ, అమెరికా అపార్ట్‌మెంట్లలోనూ వేలమంది ఉన్నారు, తమ అమ్మమ్మల కాలంలోనే తమ గురించి ఎవరో రాశారని వాళ్ళలో చాలామందికి తెలియదు. కథలు దొరకడం లేదని చెబుతున్న నిర్మాతలు ముందు ఆ పుస్తకం కొని చదవాలి. చదివాక తీయాలనిపిస్తే ఊరు మార్చుకోండి, కాలం మార్చుకోండి, పాటలు పెట్టుకోండి. ఇందిరని మాత్రం మంచమ్మాయిని చేయకండి.