ఆదివారం మన ఇంట్లో ఎవరికి విశ్రాంతి?

మన క్రైస్తవ సంఘాల్లో ఆదివారాన్ని విశ్రాంతి దినం అంటాం. ఆ రోజు మన ఇంట్లో నిజంగా విశ్రాంతి ఎవరికి దొరుకుతోందో మాత్రం ఎవరూ అడగరు. నేను తిరుపతిలో ఉంటాను, షిఫ్టుల్లో పనిచేసే నర్సును. వారమంతటిలో బాగా అలిసిపోయిన ఆడవాళ్లను చూడాలంటే ఆదివారం సాయంత్రం ఏ విశ్వాసుల ఇంటికి వెళ్లినా చాలు. ఈ మాట చాలాకాలంగా మనసులో నలుగుతోంది, ఇవాళ మొత్తం రాసేస్తున్నాను. పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

ఆ రోజు ఎట్లా గడుస్తుందో మనందరికీ తెలుసు. తెల్లారకముందే లేచి టిఫిన్ చెయ్యాలి, మధ్యాహ్నం కూరకు మసాలా నూరి పెట్టుకోవాలి, మటన్ అంగడి దగ్గర జనం పెరగకముందే ఎవరినో ఒకరిని పంపాలి, పిల్లలకు తలస్నానాలు చేయించాలి, బట్టలు ఇస్త్రీ చెయ్యాలి. సండే స్కూలు తొమ్మిదికి. ఆరాధన ఒంటిగంటకు ముగిస్తే తొందరగా అయినట్టే. ఇంటికొచ్చి వడ్డించి, గిన్నెలు సర్దుకునేలోపు స్త్రీల కూడిక. అది అయ్యేసరికి క్వయిర్ ప్రాక్టీసు, కమిటీ మీటింగు, ఎవరింట్లోనో పుట్టినరోజు ప్రార్థన. సాయంత్రం మళ్లీ ఆరాధన. రాత్రి పడుకోబోతూ రేపు పిల్లల క్యారియర్లలో ఏం పెట్టాలా అని ఆలోచించేది కూడా ఆమే. పాస్టరుగార్ల భార్యల, అంటే పాస్టరమ్మల సంగతి ఇంకా కష్టం. దూరం నుంచి వచ్చిన విశ్వాసులకు భోజనం, అతిథిగా వచ్చిన దైవజనులకు భోజనం, ఆ తరవాత హాలు ఊడ్చి చాపలు చుట్టి పెట్టడం. ఆమెకు వారంలో ఏ రోజు సెలవు అని ఏ సంఘపెద్దా అడగగా నేను వినలేదు.

పది ఆజ్ఞల్లో విశ్రాంతి దినం గురించిన ఆజ్ఞను మనం చిన్నప్పుడే కంఠస్థం చేశాం. మనలో చాలామందికి అది నాలుగో ఆజ్ఞ, లూథరన్లు, కతోలికులు లెక్కపెట్టే తీరులో మూడోది. లెక్క ఏదైనా మాట ఒకటే, నిర్గమకాండం 20వ అధ్యాయం. నరహత్య చెయ్యవద్దు, దొంగిలవద్దు అనేవి ఒక్క ముక్కలో అయిపోతాయి. ఇక్కడికి వచ్చేసరికి మాత్రం దేవుడు వరసగా చెప్పుకుంటూ వెళ్లాడు: నువ్వు, నీ కొడుకు, నీ కూతురు, నీ దాసుడు, నీ దాసి, నీ పశువు, నీ ఇంట్లో ఉన్న పరదేశి. ఇంటి యజమాని ఒక్కడు పని ఆపితే సరిపోయేటట్లయితే ఇంత వరస అక్కర్లేదు. ద్వితీయోపదేశకాండం 5లో మోషే ఇదే ఆజ్ఞను తిరిగి చెప్పినప్పుడు కారణం కూడా విప్పి చెప్పాడు. ఐగుప్తులో, అంటే ఈజిప్టులో, నువ్వు దాసుడిగా ఉన్నావు, అది మరిచిపోవద్దు, నీలాగే నీ దాసుడూ నీ దాసీ విశ్రమించాలి అని. సెలవు అనేదే తెలియని వెట్టిచాకిరీ నుంచి బయటపడ్డ జనానికి ఇచ్చిన ఆజ్ఞ ఇది.

కాబట్టి నాకు అర్థమైనంతవరకు విశ్రాంతి దినం ఆచరించడమంటే, ముందు మన కోసం పనిచేసేవాళ్ల చేతుల్లోంచి ఆ పని తీసి పక్కన పెట్టడం. మన కునుకు, మన బైబిలు ధ్యానం, మన ఆరాధన ఆ తరవాత.

ఆ వరసలో భార్య పేరు లేదు గమనించారా? ఆమెకు విశ్రాంతి లేదని దానర్థం కాదు. 'నువ్వు' అన్న మాటలోనే భర్తా భార్యా ఇద్దరూ ఉన్నారని పండితులు చాలామంది చెబుతారు, నేనూ అట్లాగే నమ్ముతాను. కానీ మన ఇళ్లల్లో జరుగుతున్నది చూస్తే ఆమెను ఆ వరసలో ఎక్కడా చేర్చనట్టే ఉంది. నిర్గమకాండం 35వ అధ్యాయంలో విశ్రాంతి దినాన ఇళ్లల్లో నిప్పు రాజేయవద్దని ఒక చిన్న ఆజ్ఞ ఉంది. అది ఇశ్రాయేలుకు ఇచ్చిన ధర్మశాస్త్రం, మనం గ్యాస్ పొయ్యి ముట్టిస్తే పాపం అని నేను అనడం లేదు. ఆ ఆజ్ఞ వల్ల ఆ రోజుల్లో ఎవరికి ఊపిరి ఆడి ఉంటుందో ఆలోచించమంటున్నాను. పొయ్యి వెలగని రోజు పొయ్యి ముందు కూర్చునే మనిషికి సెలవు. ఎడారిలో దేవుడు ఇశ్రాయేలీయులకు కురిపించిన ఆహారం, మన్నా సంగతీ అంతే. ఆరో రోజు రెండింతలు ఏరుకోండి, కాల్చుకునేది కాల్చుకోండి, వండుకునేది వండుకోండి, ఏడో రోజు దాన్నే తినండి అని 16వ అధ్యాయంలో స్పష్టంగా ఉంది. ముందురోజు సిద్ధపాటు లేకుండా విశ్రాంతి దినం ఉండదు.

ఇక్కడ శనివారాన్ని విశ్రాంతి దినంగా పాటించే క్రైస్తవులు, సెవెంత్ డే అడ్వెంటిస్టుల దగ్గర మనం నేర్చుకోవలసింది ఉంది. శనివారమా ఆదివారమా అనే వాదనలోకి నేను వెళ్లడం లేదు. రోమా పత్రిక 14లో పౌలు ఒకడు ఒక రోజును గొప్పగా ఎంచుతాడు, ఇంకొకడు అన్ని రోజులనూ సమానంగా ఎంచుతాడు, ఎవరి మనసులో వాళ్లు నిశ్చయం చేసుకోండి అన్నాడు. నాకు అది చాలు. కానీ వాళ్లు శుక్రవారాన్ని సిద్ధపాటు దినంగా పెట్టుకుంటారు. పొద్దు కుంకేలోపు వంట, బట్టలు, ఇల్లు శుభ్రం అన్నీ ముగించుకుంటారు. శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం సూర్యాస్తమయం దాకా వాళ్లకు విశ్రాంతి దినం. మనం శనివారం రాత్రి పదకొండు దాకా షాపింగులు చేసి, ఆదివారం తెల్లవారుజామున పరుగు మొదలుపెడతాం.

మా ఇంట్లో ఇప్పుడు శనివారం సాయంత్రం నుంచి ఆదివారం సాయంత్రం దాకా అని పెట్టుకున్నాం. శనివారం మధ్యాహ్నమే దోశ పిండి రుబ్బి పెట్టేస్తాం, పులిహోర కలుపుతాం, పెరుగు తోడు పెడతాం. ఆదివారం మధ్యాహ్నం పులిహోర, పెరుగన్నం, ఏదో ఒక వేపుడు. మాంసం వండుకునేది బుధవారమో గురువారమో. మొదట్లో మా అత్తమ్మకు ఇది నచ్చలేదు, ఆదివారం కూర లేకపోతే పండగ లేని ఇల్లులా ఉందంది. ఇప్పుడు ఆరాధన నుంచి వచ్చి ఆవిడే ముందు పడుకుంటుంది. ఆ రోజు గిన్నెలు మా ఆయనా పిల్లలూ కడుగుతారు. ఫోన్లు బీరువా మీద ఉంటాయి, డ్యూటీ కాల్ వస్తే వినపడేటట్టు నాది ఒక్కటే బయట ఉంటుంది. ఇందులో గొప్పేమీ లేదు, ఎవరైనా చేయగలిగిందే.

ఇక మన ఊరి సంగతి. తిరుపతిలో శని, ఆదివారాలంటే యాత్రికుల రద్దీ. లాడ్జీలు, హోటళ్లు, బస్టాండు, రేణిగుంట విమానాశ్రయం, అలిపిరి దగ్గర జీపులు, టాక్సీలు, అన్నిటికీ అవే బిజీ రోజులు. ఆ రెండు రోజుల సంపాదనతో వారమంతా బతికే ఆటో అన్నలు మన సంఘాల్లో ఎంతమంది లేరు! హోటల్లో రూములు శుభ్రం చేసే అక్కలకు ఆదివారం సెలవు అడిగితే ఉద్యోగం మానుకోమంటారు. ఆసుపత్రుల్లో మాకు రోస్టర్ ఎట్లా పడితే అట్లా. శ్రీసిటీలో, రేణిగుంట చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో పిల్లలు రాత్రి షిఫ్టులు చేస్తున్నారు. వీళ్లందరినీ మనం సంఘంలో చూసే చూపు బాగాలేదు. రెండు ఆదివారాలు కనపడకపోతే 'లోకంలో పడిపోయింది' అంటారు. నన్నూ అన్నారు. ఐసీయూలో మనిషి ఊపిరి కోసం కొట్టుకుంటున్నప్పుడు నేను పక్కన ఉండడం దేవునికి ఇష్టం లేని పని అని చెప్పే ధైర్యం సువార్తలు చదివిన ఎవరికైనా ఎట్లా వస్తుంది? యేసు ప్రభువు మీద పరిసయ్యులు అన్నిసార్లు మండిపడింది విశ్రాంతి దినాన స్వస్థపరిచాడనే కదా. మనిషి కోసం విశ్రాంతి దినం గానీ విశ్రాంతి దినం కోసం మనిషి కాదని మార్కు 2లో ఆయనే చెప్పాడు.

మొదటి శతాబ్దాల విశ్వాసులకు ఆదివారం సెలవే లేదు. క్రీ.శ. 112 ప్రాంతంలో రోమా సామ్రాజ్యంలోని బితూనియ ప్రాంతానికి గవర్నరుగా ఉన్న ప్లినీ తన చక్రవర్తి ట్రాజన్‌కు రాసిన ఉత్తరంలో, క్రైస్తవులు ఒక నియమిత దినాన తెల్లవారకముందే కూడుకుని పాడతారని ఉంది. వాళ్లలో బానిసలు కూడా ఉన్నారు, వాళ్లకు ఎవరు సెలవిస్తారు? ఆదివారాన్ని సెలవు చేస్తూ రోమా చక్రవర్తి కాన్‌స్టంటైన్ చట్టం తెచ్చింది 321లో. అంటే ఆదివారం కుదరని విశ్వాసి తక్కువ విశ్వాసి కాడు. అతనికి వారంలో వచ్చే ఆఫ్ మంగళవారం అయితే మంగళవారమే పూర్తిగా విశ్రాంతి దినంగా ఉండాలి, సంఘం దానికి సహాయం చెయ్యాలి. ఆదివారం తెల్లవారుజామున ఐదుకో, వారం మధ్యలో ఒక సాయంత్రమో గంటసేపు చిన్న ఆరాధన, ప్రభురాత్రి భోజనపు బల్ల పెట్టడం అంత కష్టమా? ఆఫ్ రోజున కూడా ఓవర్‌టైం కోసం పరిగెత్తకుండా పడుకో, పిల్లలతో కూర్చో, కీర్తన చదువుకో అని చెప్పే పాస్టరుగారు మనకు కావాలి.

అసలు నాకు కోపం వచ్చే చోటు ఇంకొకటి ఉంది. మనలో అంగళ్లు నడిపేవాళ్లు, టాక్సీలు తిప్పేవాళ్లు, టైలరింగ్ పెట్టుకున్నవాళ్లు, క్లినిక్‌లు ఉన్నవాళ్లు తెల్లబట్టలు వేసుకుని ముందు వరసలో కూర్చుంటారు. ఆ టైములో అంగట్లో గల్లా దగ్గర ఒక పిల్లవాడు ఉంటాడు. వాడికి వారంలో ఒక్క రోజు కూడా సెలవు లేదు. కారు నడిపే డ్రైవరు బయట ఎండలో మనం ప్రార్థన ముగించేదాకా నిలబడతాడు. అతను క్రైస్తవుడు కాకపోవచ్చు. ఆజ్ఞలో పరదేశి కూడా ఉన్నాడు, అతని నమ్మకం ఏమిటని ఆజ్ఞ అడగలేదు. ఆమోసు 8లో వర్తకులు విశ్రాంతి దినం ఎప్పుడు అయిపోతుందా, గోధుమల కొట్లు ఎప్పుడు తెరుద్దామా అని ఎదురు చూశారని ప్రవక్త మండిపడ్డాడు. వాళ్లు కనీసం ఆ ఒక్క రోజు కొట్లు మూసేవాళ్లు.

ఈ దేశంలో ఆదివారం సెలవు కోసం కొట్లాడినవాళ్లలో ముందు చెప్పుకోవలసిన మనిషి క్రైస్తవుడు కాదు. నారాయణ్ మేఘాజీ లోఖండే, జోతిబా ఫూలే సహచరుడు, బొంబాయి మిల్లు కార్మికుల కోసం ఏళ్ల తరబడి అడిగితే 1890 జూన్ 10న మిల్లు యజమానులు వారానికో సెలవుకు ఒప్పుకున్నారు. ఇప్పుడు చట్టమే ఉంది. ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం 1988 ప్రకారం అంగట్లో పనిచేసేవాళ్లకు వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలి. లోకం చట్టం అడిగేది కూడా ఇవ్వకుండా మోషే ధర్మశాస్త్రం గురించి వాక్యం ఎట్లా చెబుతాం? ఇళ్లల్లో అంట్లు తోమే అక్కకైతే ఆ చట్టం అండ కూడా లేదు, మన మనస్సాక్షి ఒక్కటే ఉంది. ఆదివారం చుట్టాలొస్తున్నారు కాస్త ముందు రా అని ఆమెకు ఫోన్ చేసే విశ్వాసుల ఇళ్లు నాకు తెలుసు.

పల్లెల్లో వాళ్లు ఇది చదివి ఆవులు సెలవు తీసుకుంటాయా అంటారు. మా అమ్మావాళ్లది చిత్తూరు పక్కన పల్లె, పాడి మీదే మమ్మల్ని చదివించారు. రెండు పూటలా పాలు పితికి డెయిరీకి పొయ్యాల్సిందే, ఆదివారమైనా క్రిస్మస్ అయినా. దానికి ప్రభువే జవాబు చెప్పాడు. విశ్రాంతి దినాన మీలో ప్రతివాడూ ఎద్దును విప్పి నీళ్లకు తోలుకెళ్తాడు కదా అని లూకా 13లో అడిగాడు. పాలు పితకడం, మేత వెయ్యడం ఆపమని ఎవరూ అనరు. ఆ రోజు పేడ ఎత్తేది, గడ్డి కోసుకొచ్చేది కూడా అమ్మేనా, లేక కొడుకులు ఒక్క రోజైనా ఆ గంప అందుకుంటారా అన్నదే నా ప్రశ్న. మామిడి సీజన్ సంగతి వేరు. జూన్, జూలైలో తోతాపురి కోతలు, గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్ల బారులు, రాత్రింబగళ్లు పని. ఆగితే కాయ చెడిపోతుంది, ధర పడిపోతుంది. ఆ భయం నాకు తెలుసు, మా ఇంట్లో చూశాను. కాన్‌స్టంటైన్ కూడా పట్నాలకు సెలవిచ్చి రైతులకు మినహాయింపు ఇచ్చాడు. నిర్గమకాండం 34 మాత్రం దున్నే కాలంలోనైనా కోత కాలంలోనైనా ఆ రోజు విశ్రమించాలి అంటుంది. తోట యజమానికి అది నష్టం, కూలీకి అది ప్రాణం. కోతలు ఆపలేని వారంలో కూలీలను వంతులవారీగా ఒక్కొక్కరికి ఒక్కో రోజు ఆపండి, ఆ రోజు కూలి ఇచ్చి మరీ ఆపండి.

ఆ కూలి డబ్బు మాట గట్టిగా చెప్పాలి. రోజు కూలీకి విశ్రాంతి అంటే ఆ పూట ఆదాయం పోవడం. ఆరో రోజు రెండింతల మన్నా కురిపించాకే దేవుడు ఏడో రోజు బయటికి వెళ్లవద్దన్నాడు. సంఘంలో స్టేజీ లైట్లకు, సౌండు సిస్టంకు చందాలు ఎత్తుతున్నాం. కూలి చేసుకునే ఒంటరి తల్లులకు నెలలో కొన్ని రోజుల కూలి కట్టి, ఆ రోజుల్లో ఇంట్లో పడుకోండమ్మా అని చెప్పే నిధి ఒక్కటి పెట్టుకోలేమా? మా సంఘం పెద్దలకు రాతపూర్వకంగా ఇది ఇచ్చాను. దాంతోపాటు ఇంకో మూడు అడిగాను: ఆరాధన తరవాత ఆదివారం ఏ మీటింగూ పెట్టవద్దని, పాస్టరుగారికీ అమ్మగారికీ వారంలో ఒక రోజు ఎవరూ ఫోన్ చెయ్యకుండా చూడాలని, అంగడి ఉన్న ప్రతి విశ్వాసి తన దగ్గర పనిచేసేవాళ్లకు ఏ రోజు సెలవిస్తున్నాడో పెద్దల ముందు చెప్పాలని. చివరిదానికి ఒకరిద్దరు ముఖం మాడ్చుకున్నారు. వచ్చే కమిటీలో చర్చకు పెడతామన్నారు. ఆ రోజు నాకు డ్యూటీ పడితే, నా తరఫున మాట్లాడడానికి మా అత్తమ్మ వెళ్తానంది.