మా వంటింట్లో ఎవరి పాతకాలం?

విజయనగరం కోటకి నడిచి వెళ్లేంత దూరంలో మాది పెంకుటిల్లు. ఈ ఏడాది వంటిల్లు బాగుచేయించాలని నాన్న తాపీమేస్త్రీకి అడ్వాన్సు ఇచ్చేశారు. సిరిమాను పండక్కి బెంగళూరు నుంచి వచ్చిన మేనత్త, పనెలాగూ మొదలుపెడుతున్నారు కాబట్టి దాన్ని 'రెట్రో'గా, పాతకాలపు తీరులో చేయించమంది. అమ్మ బళ్లో లెక్కల టీచరు. రోజూ అందులో వండేది ఆవిడే. వద్దంది. పండగ మర్నాడు బుధవారం పొద్దున్న, వంటింటి గడప మీద కూర్చుని నేను విన్నది ఇది.

అత్త: ఈ ఫోటో చూడు వదినా. నేలంతా నలుపూ తెలుపూ గళ్లు, లేత పిస్తా రంగు అరలు, మెరిసే పిడులు, మూలలు గుండ్రంగా ఉన్న ఫ్రిజ్. ఎంత ముద్దుగా ఉందో! ఇలా చేయిస్తే అమ్మ నాటి కళ వస్తుంది.

అమ్మ: అమ్మ నాటి కళా? ఎక్కడిది ఈ వంటిల్లు?

అత్త: అమెరికాలో 1950ల నాటి పద్ధతిలే. ఈ అరల మీద అతికించింది ఫార్మైకా. 1912లో కరెంటు సామాన్లలో మైకాకి బదులుగా వాడదామని కనిపెట్టారు, పేరు కూడా అలాగే వచ్చింది. తర్వాత వంటిళ్లలోకి దిగింది. మనం సన్‌మైకా అంటామే, ఆ జాతిదే.

అమ్మ: ఆ 1950ల్లో ఈ ఇంట్లో వండింది మీ నానమ్మ. ఆవిడ తర్వాత మీ అమ్మ. ఇద్దరూ ఇదిగో, ఈ మూల, కట్టెల పొయ్యి ముందు పీట మీద కూర్చునే వండారు. మన దేశంలో గోద్రెజ్ వాళ్లు మొదటి ఫ్రిజ్ చేసింది 1958లో. మనింటికి నా పెళ్లయ్యాక గానీ రాలేదు. మీ అమ్మ కంటితో చూడని రంగు గోడకి వేసి, ఇది అమ్మ గుర్తు అంటే నాకు మనసు ఒప్పదు.

(అత్త ఫోన్ పక్కన పెట్టేసింది. ఫోటోలో ఉన్నలాంటి గుండ్రటి ఫ్రిజ్‌లు నిజానికి పాతవి కావు. ఇటలీ కంపెనీ స్మెగ్ 1997లో పాత రూపం ఇచ్చి తెచ్చిన మోడల్‌తో వాటికి బాగా పేరొచ్చింది. నా మటుకు నాకు అమ్మ అడిగిన ప్రశ్నే సరైనదనిపించింది.)

అత్త: పోనీ, అమెరికా వద్దు. మనదే పెడదాం. అటక మీద గోనెసంచుల్లో ఎన్ని ఇత్తడి బిందెలున్నాయి! గంగాళం ఉంది, కంచు గిన్నెలున్నాయి. బుడితి నుంచి తెచ్చినవి. శ్రీకాకుళం జిల్లాలోని ఆ ఊరి పనితనానికి జీఐ గుర్తింపు, అంటే ఊరి పేరు మీద ఇచ్చే భౌగోళిక గుర్తింపు ఇచ్చారు. ఊళ్లోవాళ్లు వాటిని కొనుక్కుని హాల్లో పెట్టుకుంటుంటే మనం అటకెక్కించాం. గూళ్లు తెరిచే ఉన్నాయి కదా, అందులో వరసగా పేర్చుదాం.

అమ్మ: తోమేదెవరు?

అత్త: వారానికోసారి చింతపండు పెట్టి...

అమ్మ: తోమేదెవరు అని అడిగాను. ఇత్తడంటే రాగి, జింకు. మన సముద్రపు గాలికి వారంలో నల్లబడుతుంది. తెరిచిన గూట్లో పెడితే తాలింపు నూనె, దుమ్ము కలిసి జిడ్డు కడుతుంది. ఆ జిడ్డు చింతపండుకి పోదు, ముందు వేణ్ణీళ్లు, సబ్బు, తర్వాత చింతపండు, తర్వాత ముగ్గుపొడి. నేను ఎనిమిదింపావుకి బస్సెక్కాలి అమ్మాయ్.

అత్త: వండకపోయినా చూడ్డానికైనా...

అమ్మ: వండకుండా చూడ్డానికి పెట్టుకుంటే అది షోకేసు, వంటిల్లు కాదు. వండాలంటే లోపల కళాయి పూత ఉండాలి. కళాయి లేని ఇత్తట్లో పులుసు పెడితే చిలుము దిగుతుంది. ఆ కళాయి వేసేవాడు మన వీధిలోకి వచ్చి ఎన్నేళ్లయింది?

అత్త: నాకు బాగా గుర్తు. అరుగు కింద గుంట తవ్వి, తోలుతిత్తితో బొగ్గులు రాజేసేవాడు. గిన్నె కాలాక నవాసాగరం చల్లి, తగరం ముక్క రాసి, దూదితో గిర్రున తుడిచేవాడు. తెల్లటి పొగ గుప్పున లేచేది. పొగ పోయేసరికి గిన్నె లోపలంతా వెండి! నేను బడి ఎగ్గొట్టి చూసేదాన్ని వదినా.

అమ్మ: నేనూ చూశాను. బావుండేది. (కాసేపు ఆగి) ఇటు రా.

(అమ్మ పొయ్యి పక్క గూట్లో వేలు పెట్టి తీసింది. వేలి కొస నల్లగా ఉంది. మా ఇంట్లో కట్టెల పొయ్యి ఆరిపోయి ముప్పై ఏళ్లు దాటింది. అన్నేళ్లలో ఎన్నిసార్లు సున్నం కొట్టినా ఆ గూటి పైకప్పులో మసి పోలేదు.)

అమ్మ: మీ అమ్మని కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది నేను. ఆయన ముందు అడిగింది వయసు కాదు. 'ఎన్నేళ్లు పొయ్యి ముందు కూర్చున్నారు?' అన్నాడు. నీ పాతకాలంలో ఈ మసి కూడా ఉంది. అది నువ్వు ఫోటో తీయవు.

(అత్త చాలాసేపు మాట్లాడలేదు. వంట చేసే మనిషిని పక్కన పెట్టి వంటింటి అందం గురించి మాట్లాడకూడదని నేను గట్టిగా నమ్ముతాను. అత్త కూడా ఆ మాట కాదనే మనిషి కాదు. అయితే అత్త దగ్గర ఇంకో మాట ఉంది, అది నాకూ ఇష్టమైన మాట.)

అత్త: పొయ్యి నేను అడగడం లేదు వదినా. పీట కూడా అడగను. కానీ మేస్త్రీ రేపు ఈ గచ్చు మీద టైల్స్ పరుస్తానంటున్నాడు. దానికి మాత్రం ఒప్పుకోను.

అమ్మ: పగుళ్లున్నాయి. చీమలు చేరుతున్నాయి.

అత్త: పగుళ్లు రెండే, రెండూ గుమ్మం దగ్గర. సిమెంటులో ఎర్ర ఆక్సైడ్ కలిపి, పచ్చిగా ఉన్నప్పుడే తాపీతో గంటల తరబడి రుద్దితే వచ్చే నునుపు ఇది. వాడేకొద్దీ మెరుగెక్కుతుంది. టైలు కొన్నరోజే అందంగా ఉంటుంది, అక్కణ్ణించి తగ్గడమే. పైగా ఈ పని చక్కగా చేసే మేస్త్రీలు ఇప్పుడు దొరకడం కష్టం. ఒకసారి కప్పేస్తే మళ్లీ రాదు. రోలు పక్కన చూడు.

(రోలు పక్కన అరచేయంత మేర నేల మిగతా చోట్ల కంటే లేతగా, అద్దంలా ఉంటుంది. మామ్మ ఒక కాలు చాపి, ఒక కాలు మడిచి కూర్చునేది. మడిచిన కాలి మడమ అక్కడే ఆనేది. ఆ చోటు మా ఇంట్లో అందరికీ తెలుసు. దాని గురించి ఎవరం మాట్లాడుకోం.)

అమ్మ: రోలు ఎలాగూ తీయనివ్వను. పనసపొట్టు కూరలోకి ఆవ నేను దాంట్లోనే నూరుతాను, మిక్సీలో వేడెక్కి చేదొస్తుంది. రోలు ఉంటే దాని కింద నేల ఉండాలి కదా. సరే, టైల్స్ వద్దని మేస్త్రీకి చెప్తాను. గుమ్మం దగ్గర మాత్రం అతుకు వేయించాలి. రంగు కలవకపోయినా నాకు ఫర్వాలేదు.

అత్త: హమ్మయ్య.

అమ్మ: అరలు మాత్రం మాడ్యులరే. లాగితే రావాలి, తలుపు మూస్తే దుమ్ము పడకూడదు.

అత్త: వాడు నీకిచ్చిన కొటేషన్ చూశాను. అంతా చెక్కపొట్టు బోర్డు. సింకు కింద ఒక్క వానాకాలం చెమ్మ తగిలితే ఉబ్బి, పిడి ఊడి చేతికొస్తుంది. ప్లైవుడ్ కావాలని అడుగు, ఐఎస్ 710 అని ముద్ర ఉన్న, చెమ్మకి తట్టుకునే మెరైన్ ప్లై. ఇంకో సంగతి. నువ్వడిగే ఈ నిలబడి వండే గట్టు, లాగే సొరుగులు కూడా పాతవే తెలుసా? 1926లో జర్మనీలో, ఫ్రాంక్‌ఫర్ట్‌లో సామాన్యుల ఇళ్ల కోసం మార్గరెట్ షుట్టే-లిహోట్స్కీ అనే ఆవిడ గీసింది. రైలు భోజనం పెట్టెలో వంటగది ఎంత ఇరుకో, అందులో ఎంత చకచకా పని సాగుతుందో చూసి, ఇంట్లో ఆడవాళ్లు ఎన్ని అడుగులు వేస్తున్నారో లెక్కపెట్టి మరీ గీసింది. పంచదారకి, బియ్యానికి విడివిడిగా అల్యూమినియం సొరుగులు పెట్టింది. అలాంటివి దాదాపు పదివేల వంటిళ్లు కట్టారు.

అమ్మ: అడుగులు లెక్కపెట్టిందా?

అత్త: అవును. పొయ్యి నుంచి సింకుకి, సింకు నుంచి బల్లకి.

అమ్మ: మరి ఇందాకటి నుంచీ ఆవిడ సంగతి చెప్పకుండా పిస్తా రంగు చూపిస్తావేంటి? నాకు కావలసిన పాతకాలం అదే. నా అడుగులు కూడా లెక్కపెట్టండి.

(నిజంగానే లెక్కపెట్టాం. ఫ్రిజ్ ఒక గదిలో, సింకు పెరటి వైపు, గట్టు ఈ గోడకి. ఒక్క కాఫీకి అమ్మ ముప్పై ఒక్క అడుగులు వేసింది. తర్వాత గట్టు ఎత్తు మాట వచ్చింది. కొటేషన్‌లో 34 అంగుళాలు అని ఉంది. అత్త కుట్టుమిషను డబ్బాలోంచి టేపు తెచ్చింది. అమ్మ చెప్పులు విప్పి, ఎర్ర గచ్చు మీద గోడకి ఆనుకుని నిలబడి, మోచెయ్యి వంచింది. నేను పెన్సిలుతో గీత పెట్టాను.)

అత్త: నేల నుంచి మోచేతికి 37. అక్కణ్ణించి నాలుగైదు అంగుళాలు కిందకుంటే తరగడానికి భుజం లేవదంటారు. 32 చాలు.

అమ్మ: అందుకేనా సాయంత్రానికి నా మెడ లాగేస్తోంది? ఇన్నేళ్లూ వయసనుకున్నాను.

అత్త: ఈ గట్టు కట్టించింది మా అన్నయ్య ఎత్తుకి. ఆయన ఎప్పుడైనా కాఫీ పెట్టాడా? కొట్టేసి 32 రాయి.

అమ్మ: రాశాను. ఆ పై గూటికి అద్దం తలుపు పెట్టించు, దుమ్ము పడకుండా. రెండు బిందెలు, ఆ కంచు గిన్నె. అంతే. మూడో బిందె పెట్టావంటే తోమడానికి నువ్వే రావాలి.

అత్త: సంక్రాంతికి వస్తున్నాను కదా వదినా. గంగాళం కూడా దింపుతాను.