పెద్దమనిషి గారికి తల్లి అందించవలసిన సహాయ సహకారాలు

ఆడపిల్ల మొదటిసారి పెద్దమనిషి అయినప్పుడు తల్లి ఎలా తోడుండాలి అని ఈ మధ్య డాక్టర్లు, కౌన్సెలింగ్ చేసేవాళ్ళు, రీల్స్ చేసేవాళ్ళు తెగ చెప్పేస్తున్నారు, తొమ్మిది పదేళ్ళు వచ్చేసరికే మెల్లగా మాట్లాడాలంట, స్కూల్ బ్యాగులో రెండు ప్యాడ్లు ఒక జత బట్టలు పెట్టాలంట, నవ్వుతూ చెప్పాలంట. ఇదంతా పద్ధతీ పాడూ తెలియని వాళ్ళ కోసం అనుకుంటా. మన ఇళ్ళల్లో దీనికి ఎప్పట్నుంచో పక్కా సిస్టమ్ ఉంది, చాలా సింపుల్, ఊళ్ళో అందరికీ చెప్పాలి, పిల్లకి తప్ప.

ఇందులో మొదటి మెట్టు ముందుగా నోరెత్తకపోవడం. మా మేనత్త సిద్ధాంతం ఏంటంటే ముందే చెప్తే అది విని ముందే వచ్చేస్తుందంట, తలుపు చాటున నిలబడి పిలుపు కోసం చూస్తున్న చుట్టంలాగా. స్కూల్లో చెప్తార్లే అని అమ్మ, ఇంట్లో చెప్తార్లే అని టీచరు. మాకు సైన్సు చెప్పిన మాస్టారు ఆ పాఠం దగ్గరికి రాగానే "ఇది చాలా ఈజీ, ఇంటి దగ్గర చదువుకోండి" అని నాలుగు పేజీలు ఒకేసారి తిప్పేశారు, అంత ఈజీ పాఠం మీద పరీక్షలో అర మార్కు ప్రశ్న కూడా ఇవ్వలేదు పాపం.

దీనివల్ల పిల్లకి సొంతంగా ఆలోచించడం వస్తుంది. నా సంగతే చూడండి. 1994 జూన్, బళ్ళు తెరిచిన వారం, తణుకు దగ్గర మా ఊరు. ముందు రోజు సాయంత్రం కాలవ గట్టు మీద రెండు దోసిళ్ళ నేరేడు పళ్ళు తిన్నాను, నాలుక అంతా ఊదా రంగు. పొద్దున్నే లంగా చూసుకుంటే మరక. నాకు వెంటనే అర్థమైపోయింది, పళ్ళు కడుపులో చితికిపోయి రసం కారుతోంది. నూతి దగ్గర కూర్చుని చింతపండు పెట్టి ఆ లంగా పావుగంట రుద్దాను, పోలేదు, ఇంక చచ్చిపోతానేమో అని ఏడుస్తా వెళ్ళి "అమ్మా ఇంకెప్పుడూ నేరేడు పళ్ళు తినను" అని చెప్పేశాను. మా అమ్మ నవ్వలేదు, తిట్టలేదు, నన్ను దగ్గరికి కూడా తీసుకోలేదు, చప్పున మొహం అటు తిప్పేసుకుని వీధి గుమ్మంలోకి వెళ్ళి పక్కింటి పిన్నిని కేకేసింది. ఎందుకంటే మా వైపు కొన్ని ఇళ్ళల్లో తల్లి ముందు చూడకూడదు అంటారు, ఎవరైనా ముత్తైదువ చూడాలి. తల్లి తోడు అంటే ఇదన్నమాట, మొహం చూపించకుండా తోడుండటం.

ఆ తర్వాత గంటలో పనులు ఎంత స్పీడుగా జరిగాయంటే ఏ ఈవెంట్ మేనేజ్‌మెంట్ కంపెనీ కూడా చెయ్యలేదు. మూల గదిలో తాటాకు చాప, విడిగా కంచం గ్లాసు, పక్కన ఒక ఇనప ముక్క, దయ్యాలు రాకుండా. పంతులుగారికి కబురు. ఆయన తిథి అడిగారు, వారం అడిగారు, నక్షత్రం అడిగారు, ఏ రంగు బట్ట కట్టుకుని ఉందో కూడా అడిగారు, దాన్ని బట్టి ఫలితాలు పంచాంగంలో రాసి ఉంటాయి. నాకు కడుపులో మెలి పెడుతోంది, దానికి పంచాంగంలో ఏమీ లేదంట. మెత్తటి పాత చీర ముక్క, రెండు పిన్నీసులు నా చేతికిచ్చి "ఇలా పెట్టుకో" అని పిన్ని గాల్లో ఒక గీత గీసి చూపించింది. ట్రైనింగ్ అయిపోయింది.

పేరు మాత్రం గొప్పగా పెట్టారు, పెద్దమనిషి. ఊళ్ళో పెద్దమనిషి అంటే రచ్చబండ మీద కూర్చుని తగువులు తీర్చేవాడు. నాకొచ్చిన పెద్దరికం ఏంటంటే వంటగదిలోకి రాకూడదు, దేవుడి గది వైపు చూడకూడదు, ఆవకాయ జాడీ ముట్టుకుంటే పాడైపోద్ది. ఈ చివరిదాని మీద నేను నాలుగో నెలలో ఒక ప్రయోగం చేశాను, మధ్యాహ్నం అందరూ పడుకున్నాక వెళ్ళి జాడీ మీద రెండు చేతులూ ఆనించి వందంకెలు లెక్కపెట్టాను. ఆ ఆవకాయ మళ్ళీ ఏడాది మామిడికాయలొచ్చే దాకా నిక్షేపంగా ఉంది. ఈ విషయం ఇంట్లో ఇవాళ్టికీ తెలీదు.

తిండి విషయంలో మాత్రం వంక పెట్టలేం, నిజంగానే. నువ్వులూ బెల్లం కలిపి దంచిన చిమ్మిలి, కొబ్బరి ముక్కలు, మినపసున్ని ఉండలు, పులగంలో గరిటెడు నెయ్యి, నా జీవితంలో అంత రాజభోగం మళ్ళీ పురిటికే చూశాను. పదకొండు రోజులు. పన్నెండో రోజు నుంచి మళ్ళీ అందరూ తిన్నాక మిగిలింది. 2019-21లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తం తక్కువుందని తేలింది. ఆ పదకొండు రోజుల చిమ్మిలి అప్పటిదాకా సరిపోలేదన్నమాట, బహుశా బెల్లం నాణ్యత తగ్గి ఉంటుంది.

ఇక పదకొండో రోజు ఫంక్షన్. షామియానా, మేనమామ తెచ్చిన పట్టు లంగా ఓణీ, హారతులు, మైకు సెట్టు. ఆ మైకులో చదివింపులు, ఫలానా వారు 116 రూపాయలు అని మూడు వీధుల అవతల వరకు వినిపించేలా. మా క్లాసు మగపిల్లలు నలుగురు బంతిలో కూర్చుని బూరెలు తిన్నారు, ఎందుకు తింటున్నారో వాళ్ళకి తెలీదు, ఎందుకు పెడుతున్నారో నాకు తెలీదు. సోమవారం స్కూలుకి బయల్దేరుతుంటే అమ్మ జడ వేస్తా చెవిలో "ఎవరికీ చెప్పకు" అంది.

ఇంతమంది ఇన్ని చేశారు గానీ ఇది ప్రతి నెలా వస్తుందని మాత్రం ఒక్కరూ చెప్పలేదండీ. ఫంక్షన్ అయిపోయింది కాబట్టి అదీ అయిపోయింది అనుకున్నా. మొదట్లో ఏడాది రెండేళ్ళు డేట్లు అటూ ఇటూ అవుతాయి కదా, నాకు రెండోసారి రెండున్నర నెలలకి వచ్చింది, అప్పుడు అమ్మని సీరియస్‌గా అడిగాను "మళ్ళీ షామియానా వేస్తారా" అని. అసలు ఒక నెలలో పోయేది మామూలుగా 30, 40 మిల్లీలీటర్లేనంట, చిన్న టీ గ్లాసులో సగం కూడా ఉండదు, ఆ ఒక్క ముక్క ఎవరన్నా చెప్పుంటే నూతి దగ్గర నా చావు గురించి అంతలా ఏడ్చేదాన్ని కాదు.

ఇప్పుడు పద్ధతులు బాగా మారాయి అంటారు. అవును, మైకు పోయి డ్రోన్ వచ్చింది. సెంటర్‌లో పన్నెండడుగుల ఫ్లెక్సీ, మధ్యలో పిల్ల, పైన ఎమ్మెల్యే, కింద శుభాకాంక్షలు చెప్పే బాబాయిలందరూ నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని. కొందరైతే అసలు సంగతి కోసం ఆగడం కూడా లేదు, తొమ్మిదో ఏటో పదకొండో ఏటో హాల్ దొరికిన డేట్‌కి ఓణీ కట్టించేస్తున్నారు, అమెరికా నుంచి వచ్చేవాళ్ళకి లీవులు కుదరాలి కదా. ఆ ఫ్లెక్సీ కొట్టించిన తండ్రినే మెడికల్ షాప్‌కి పంపండి, షాపులో ఉన్న వాళ్ళందరూ వెళ్ళేదాకా దగ్గు మందు రేటు అడుగుతా నిలబడతాడు, ఆ షాపతను ప్యాకెట్‌ని పేపర్లో చుట్టి నల్ల కవర్లో వేసి, బాంబు అప్పగించినట్టు అప్పగిస్తాడు. ఊళ్ళో నల్ల కవర్ పట్టుకెళ్తున్నారంటే రెండే వస్తువులు, రెండోది మందు. బ్రాండ్ పేరు కూడా ఎంత ఆలోచించి పెట్టారో, విస్పర్ అంటే గుసగుస.

గవర్నమెంట్ కూడా తల్లి లాంటిదే. 2017లో జీఎస్టీ పెట్టినప్పుడు బొట్టుకి, కుంకుమకి, గాజులకి పన్ను లేదు, ప్యాడ్‌కి 12 శాతం. అలంకారం ముఖ్యం కదా. గొడవ గొడవ చేస్తే ఏడాది తర్వాత, 2018 జూలైలో తీసేశారు. ఆంధ్రాలో 2021లో స్వేచ్ఛ అని పథకం పెట్టి ఏడో క్లాసు నుంచి ఇంటర్ దాకా ఆడపిల్లలకి నెలకి పది ప్యాడ్లు ఇస్తామని స్టేజీ మీద మైకులోనే చెప్పారు, అది టీవీలో చూస్తా మా పెద్దమ్మ సౌండ్ తగ్గించింది.

ఇంత మాట్లాడుతున్నా కదా, నా పిల్ల దగ్గర నేనేం ఊడబొడిచానో కూడా చెప్పాలి. కూకట్‌పల్లిలో ఉంటున్నాం, చదువుకున్నదాన్ని, పదేళ్ళు రాగానే చెప్పేద్దాం అని మూడు రోజులు ప్రిపేర్ అయ్యి ఒక ఆదివారం కూర్చోబెట్టి పువ్వులు, పిందెలు, కాయలు అని మొదలుపెట్టాను. అది కాసేపు విని "అమ్మా ఇది పీరియడ్స్ గురించా, మా క్లాసులో ముగ్గురికి వచ్చేసింది, ఒకళ్ళకి నేనే నా జాకెట్ ఇచ్చా నడుముకి కట్టుకోమని" అంది. హాల్లో వాళ్ళ నాన్న క్రికెట్ చూస్తున్నారు, నా నోట్లోంచి నాకు తెలీకుండానే వచ్చేసింది, "మెల్లగా మాట్లాడు". అది నా వైపు ఒక చూపు చూసింది. ఇరవై ఏళ్ళు సాఫ్ట్‌వేర్‌లో చేసి, మీటింగుల్లో అందరి నోళ్ళూ మూయించే మనిషిని, ఆ చూపుకి సమాధానం దొరకలేదు.

పోయిన నెల దానికీ అయింది. తనే వచ్చి చెప్పింది, తనే ప్యాడ్ తీసుకుంది, వేడినీళ్ళ బ్యాగ్ మాత్రం నన్ను పెట్టమంది. నేను ఊరికి ఫోన్ చేశాను. అమ్మ మొదట టైమెంత అని అడిగింది, తర్వాత నక్షత్రం, తర్వాత ఆ రోజు వేసుకున్న డ్రెస్ రంగు, ఆ తర్వాత ఫంక్షన్ హాల్, మీ అన్నయ్యకి చెప్పావా లేదా, చిమ్మిలికి నువ్వులు ఇక్కడి నుంచే పంపిస్తా అక్కడివి బాగోవు. స్పీకర్‌లో పెట్టి వింటున్న పిల్ల ఫోన్ లాక్కుని "అమ్మమ్మా, నీకైతే ఎవరు చెప్పారు?" అంది.

అటు వైపు కాసేపు ఏం వినపడలేదు, లైన్ కట్ అయిందనుకున్నా.

"నాకెవరు చెప్తారే," అంది అమ్మ, "నాట్లప్పుడు చేలోకి దిగాను కదా, జలగ పట్టిందనుకుని ఉప్పు రాసుకున్నా."